ఎనిమిది నెలల కౌన్సెలింగ్ తరువాత కూడా తనిఖీలు తగ్గలేదు: పద్ధతి మార్చాలా, మనిషిని మార్చాలా?

తలుపుగడియ:
నాకు ఓసీడీ (వద్దన్నా వచ్చే భయాలు, వాటిని అణచడానికి పదే పదే ఒకే పని చేయడం ఉండే మానసిక సమస్య) ఉందని రెండేళ్ల కిందట నిర్ధారించారు. నాది తనిఖీల రకం. బయలుదేరే ముందు స్టవ్ నాబ్ మీద వేలు పెట్టి "ఆపాను, ఆపాను, ఆపాను" అని పైకి అంటాను. మూడోసారి అన్నప్పుడు మనసు నమ్మకపోతే మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాను. దారిలో చూసుకోవడానికి ఫొటో తీసుకోవడం అలవాటై, ఇప్పుడు ఫోన్లో నాబ్ ఫొటోలే నాలుగు వందలు దాటాయి. ఎనిమిది నెలలుగా వారానికొకసారి ఒక కౌన్సెలర్ దగ్గరికి వెళుతున్నాను. ఆవిడ ఎంతో ఆప్యాయంగా వింటారు. నా బాల్యం గురించి, మా నాన్నగారి కోపం గురించి చాలా మాట్లాడుకున్నాము. గది నుంచి బయటికి వచ్చేటప్పుడు గుండె తేలికపడుతుంది, ఇంటి తలుపు ముందు నిలబడగానే ఆ తేలికదనం పోతుంది. పద్ధతి గురించి అడిగితే, "మన మధ్య నమ్మకం కుదిరింది కదా, పద్ధతి ఏదైనా ఫలితం ఒకటేనని పరిశోధనలే చెబుతున్నాయి" అన్నారు. అది నిజమేనా? మందులు కూడా మొదలుపెట్టాలా? చికిత్స పనిచేస్తున్నదో లేదో తెలుసుకునే కొలత ఏదైనా ఉందా? ఆవిడ మనసు నొప్పించకుండా ఈ మాట ఎలా ఎత్తాలి?

నిదానం:
మీరు వ్రాసినది చదువుతుంటే నా మూడేళ్లు కళ్ల ముందు తిరిగాయి. నాది మైల భయం. ఆ మూడేళ్లూ నా భయానికి మూలం ఎక్కడుందో వెతికారు తప్ప, చేతులు కడుక్కోవడం ఆపమని ఒక్కరూ చెప్పలేదు. నాలుగో ఏట కలిసిన సైకాలజిస్టు మొదటి నెలలోనే ఈఆర్‌పీ (ఎక్స్‌పోజర్ అండ్ రెస్పాన్స్ ప్రివెన్షన్) అనే చికిత్స మొదలుపెట్టారు. భయపెట్టే పనికి కావాలనే ఎదురు నిలవాలి, ఆ తరువాత మామూలుగా చేసే ఉపశమన క్రియను చేయకుండా ఉండాలి. చెప్పడానికి ఇంతే. ఒక రోజు చెప్పు అడుగుభాగాన్ని అరచేత్తో తాకించి, రెండు గంటలు కడుక్కోకుండా కూర్చోమన్నారు. ఐదు నిమిషాలకొకసారి నా ఆందోళన వందకు ఎంతో కాగితం మీద వేశాను. తొంభైతో మొదలైంది, నలభై నిమిషాల దాకా అంగుళం కదలలేదు, రెండో గంట చివర ముప్పై ఐదు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గర ఉంది. విక్టర్ మేయర్ అనే సైకాలజిస్టు ఈ పద్ధతితో ఇద్దరు రోగులకు చేసిన చికిత్స గురించి 1966లోనే ప్రచురించారు. ఇన్ని దశాబ్దాల తరువాత కూడా ఈ మాట నా చెవిన పడటానికి మూడేళ్లు పట్టడం నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

ఆత్మీయశ్రోత:
నేను పద్నాలుగేళ్లుగా కౌన్సెలింగ్ చేస్తున్నాను. ఆ కౌన్సెలర్ మాటను ఇంత తేలికగా కొట్టిపారేయడం అన్యాయం. రోజెన్‌జ్వైగ్ అనే సైకాలజిస్టు 1936లోనే వేర్వేరు చికిత్సల ఫలితాలు దాదాపు సమానమని, వాటన్నిటిలో ఉమ్మడిగా ఉన్న అంశాలే పనిచేస్తున్నాయని వాదించారు. లుబోర్‌స్కీ బృందం 1975లో, వాంపోల్డ్ బృందం 1997లో పరిశోధనలను పోగుచేసి చూసి అదే దిశలో తేల్చాయి. 'ఆలిస్' కథలో పందెం చివర అందరూ గెలిచారని చెప్పిన పక్షి పేరు మీద, డోడో పక్షి తీర్పు అని దానికి పేరే ఉంది. చికిత్సా బంధానికీ (రోగికీ చికిత్స చేసేవారికీ మధ్య కుదిరే బంధానికీ) ఫలితానికీ ఉన్న సంబంధాన్ని 295 అధ్యయనాలతో లెక్కగట్టిన సమీక్ష 2018లో వచ్చింది, ఆ సంబంధం నిలకడగా కనిపించింది. ఎనిమిది నెలలు కష్టపడి కట్టుకున్న నమ్మకాన్ని వదులుకొమ్మని ముక్కూమొహం తెలియని వారు సలహా ఇవ్వడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

గణాంకం:
ఆ పరిశోధనలు నిజమే, వాటి మీద మీరు మోపుతున్న భారం నిజం కాదు. నేను క్లినికల్ సైకాలజీలో పరిశోధక విద్యార్థిని, ఈ అంశం మీదే పనిచేస్తున్నాను. 2018 సమీక్షలో బంధానికీ ఫలితానికీ మధ్య సహసంబంధం (రెండూ ఎంతగా కలిసి మారతాయో చెప్పే అంకె) సుమారు 0.28. దాన్ని వర్గం చేస్తే ఫలితాల్లోని తేడాలలో ఎనిమిది శాతం దగ్గర తేలుతుంది. ఇది చిన్న విషయమని నేను అనను, కానీ పద్ధతి అక్కర్లేదని చెప్పేంత పెద్దదీ కాదు. వాంపోల్డ్ బృందం పోల్చినది ఒక సిద్ధాంతంతో, శిక్షణతో, చికిత్స చేయాలన్న ఉద్దేశంతో ఇచ్చిన పద్ధతులను. పైగా ఆ సమీక్ష రకరకాల సమస్యలను ఒకే రాశిగా పోసి చూసిందని అప్పుడే విమర్శ వచ్చింది. అందులోంచి "ఓసీడీకి ఏ సంభాషణ అయినా ఒకటే" అన్న మాటను పిండడం కుదరదు.

ఎడ్నా ఫోవా బృందం 2005లో ప్రచురించిన పరీక్షను చూడండి. 122 మందిని ఈఆర్‌పీ, క్లోమిప్రమిన్ అనే మందు, రెండూ కలిపి, మందు లేని ఉత్తుత్తి మాత్ర అని నాలుగు జట్లు చేశారు. గుర్తించదగినంత మెరుగుపడినవారు ఈఆర్‌పీలో 62 శాతం, క్లోమిప్రమిన్‌లో 42, రెండూ కలిపినప్పుడు 70, ఉత్తుత్తి మాత్రతో 8. ఓసీడీలో పద్ధతికి విలువ లేదనే వారు ముందు ఈ అంకెలకు జవాబు చెప్పాలి.

తోడునీడ:
మీ అంకెల మధ్యలో ఇంట్లోవారి సంగతి ఎవరికీ గుర్తుకు రాలేదు. మా వారికి పదేళ్లుగా ఇదే జబ్బు. ప్రతి రాత్రీ "గడియ వేశావా?" అని అడిగేవారు, "వేశానండీ" అనేదాన్ని, రెండు నిమిషాల తరువాత మళ్లీ అదే ప్రశ్న. ఒక వారం లెక్కపెడితే రాత్రికి పదకొండు సార్లకు తక్కువ లేదు. నేను ప్రేమతో ఇస్తున్న ఆ జవాబే జబ్బుకు మేత అవుతున్నదని మొదటిసారి విన్నప్పుడు, తప్పంతా నాదేనన్నట్టు మాట్లాడిన ఆ మనిషి మీద నాకు పట్టరాని కోపం వచ్చింది. తరువాతి థెరపిస్టు మా ఇద్దరినీ కూర్చోబెట్టి ఒప్పందం వ్రాయించారు. మొదటి వారం రాత్రికి మూడు జవాబులు, రెండో వారం ఒకటి, ఆ పైన "ఇది జబ్బు అడుగుతున్న ప్రశ్న, మనం ఇచ్చుకున్న మాట గుర్తుంది కదా" అన్న ఒక్క వాక్యం. ఆయనకు చెప్పకుండా నేనొక్కదాన్నే జవాబులు ఆపేసి ఉంటే మా ఇల్లు రణరంగమయ్యేది. తలుపుగడియ గారూ, మీ ఇంట్లో ఎవరున్నారో వ్రాయలేదు, కానీ ఈ చికిత్సలోకి వారిని కూడా తీసుకురండి.

ఆత్మీయశ్రోత:
గణాంకం గారు ఎంతమంది రోగుల ఎదుట కూర్చున్నారో చెబితే బాగుంటుంది. పరీక్షల్లో చేర్చుకునేటప్పుడే ఎందరినో వడపోస్తారు. మా దగ్గరికి వచ్చేవారు ఓసీడీతో పాటు కుంగుబాటు, కాపురంలో కలతలు, నిద్రలేమి అన్నీ మోసుకొని వస్తారు. భయాన్ని ఎదుర్కోమని మొదటి నెలలోనే చెబితే రెండో నెలలో రానివారిని నేను చూశాను. నమ్మకం లేనిదే ఎవరు చెప్పు అడుగుభాగాన్ని తాకుతారు? శాతాలు చూపించి నా పద్నాలుగేళ్ల పనిని వృథా అనడం నాకు అవమానంగా ఉంది.

గణాంకం:
వృథా అని నేను అనలేదు, నేను వ్రాయని మాటను నాకు అంటగట్టకండి. నమ్మకం అవసరం, అందుకే ఈఆర్‌పీలో కూడా ఏ భయాన్ని ముందు, ఏది తరువాత ఎదుర్కోవాలో చెప్పే మెట్ల జాబితాను రోగితో కలిసే తయారుచేస్తారు. బోర్డిన్ 1979లో చికిత్సా బంధాన్ని నిర్వచించినప్పుడు ఆప్యాయతతో పాటు లక్ష్యం మీద ఒప్పందం, చేయవలసిన పని మీద ఒప్పందం కూడా అందులో భాగమే అన్నారు. ఎనిమిది నెలలుగా తనిఖీలు తగ్గించే పనే మొదలుకానప్పుడు, ఆ నిర్వచనం ప్రకారం ఆ బంధంలో మూడింట రెండు వంతులు లోపించాయి. ఈ విషయంలో నేను మెత్తగా మాట్లాడలేను, ఎందుకంటే ఆ ఎనిమిది నెలలు పోయినవి తలుపుగడియ గారి జీవితంలోంచి.

పాతకాపు:
ఈ వాదన అంతా అనుభవం లేనివారి వాదన. నేను ఇరవై రెండేళ్లుగా ఆస్పత్రిలో ఈ పనే చేస్తున్నాను, వెయ్యి మందికి పైగా ఓసీడీ రోగులను చూశాను. నిదానం గారు చెప్పిన పద్ధతి కూడా పాతబడింది. ఆందోళన ముప్పై ఐదుకు దిగిందా లేదా అన్నది ముఖ్యం కాదని సైకాలజిస్టు మిషెల్ క్రాస్కే బృందం ఏళ్లుగా వాదిస్తున్నది. పాత భయం చెరిగిపోదు, "అనుకున్న ఆపద జరగలేదు" అన్న కొత్త నేర్పు దాన్ని అణచి ఉంచుతుంది. కనుక ఆందోళన దిగేదాకా కూర్చోబెట్టడం కన్నా, రోగి ముందుగా చెప్పిన జోస్యం తప్పిందని తేలేలా పని ఇవ్వాలి. ఇక కొలతల విషయానికొస్తే, రోగి తలుపు తీసుకొని లోపలికి వచ్చే తీరులోనే నాకు ఆ వారం ఎలా గడిచిందో తెలిసిపోతుంది. కాగితాలు శిక్షణలో ఉన్నవారికి.

గణాంకం:
క్రాస్కే గురించి మీరు చెప్పినది సరైనదే, చివరి రెండు వాక్యాలను మాత్రం ఒప్పుకోలేను. వాల్‌ఫిష్ బృందం 2012లో 129 మంది మానసిక ఆరోగ్య నిపుణులను, తోటివారితో పోల్చుకొని తమ నైపుణ్యం ఎంతో వేసుకోమంది. సగటున తమను తాము నూటికి ఎనభైమంది కన్నా పైన పెట్టుకున్నారు, సగటు కన్నా తక్కువ అనుకున్నవారు ఒక్కరూ లేరు. మైకేల్ లాంబర్ట్ ప్రతి సెషన్‌కూ రోగి చేత ప్రశ్నావళి నింపించి ఆ ఫలితాన్ని థెరపిస్టుకు చూపే పద్ధతిని పరీక్షించినది ఈ కారణంగానే. దిగజారుతున్నవారిని కంటిచూపుతో పట్టుకోలేకపోతున్నాము, ఆ ప్రశ్నావళితో కొందరిని పట్టుకోగలుగుతున్నాము. తలుపుగడియ గారూ, మీరు అడిగిన కొలత వై-బాక్స్, ఓసీడీ తీవ్రతను కొలిచే ప్రశ్నావళి. పది ప్రశ్నలు, ఒక్కోదానికి సున్నా నుంచి నాలుగు, మొత్తం నలభై. 1989 నుంచి వాడుకలో ఉన్నది. మొదటి స్కోరు మీద సుమారు 35 శాతం తగ్గితే చికిత్సకు స్పందన ఉందని సాధారణంగా లెక్కిస్తారు.

పాతకాపు:
నన్ను ఆ 129 మందిలో కలపడం మీ ఇష్టం. స్కోరును దేవుడిని చేసేవారికి ఒక సంగతి చెబుతాను. ఒకామె వై-బాక్స్ 31 నుంచి 14కు దిగింది, నా సహోద్యోగులు సంతోషించారు. ఇంటికి తిరిగి వెళ్లేటప్పుడు ఆమె ముఖంలో తేలికదనం లేదని నాకు అనుమానం వచ్చి, తమ్ముడిని పిలిపించి అడిగాను. తనిఖీలన్నీ ఆమె తమ్ముడి చేత చేయిస్తున్నది. తను చేయడం లేదు గనుక ప్రశ్నలకు నిజాయితీగానే తక్కువ అంకెలు వేసింది.

తోడునీడ:
నేను పైన చెప్పినది అదే కదా. ఆ పదకొండు జవాబులను ఏ కాగితమూ అడగలేదు.

గణాంకం:
ఇంటివారు జబ్బుకు ఎంత లొంగుతున్నారో కొలిచే ప్రశ్నావళి వేరే ఉంది, ఇంటివారి చేత దాన్ని నింపించాలి. కానీ పాతకాపు గారి ఉదాహరణ నాకు ఉపయోగపడుతుంది, ఒప్పుకుంటున్నాను.

నిశిరాత్రి:
మధ్యలో వస్తున్నందుకు మన్నించండి. నాకు తనిఖీలు లేవు, కడుక్కోవడం లేదు. నా బిడ్డకు నేనే హాని చేస్తానేమో అన్న ఆలోచన మాత్రం రోజంతా వస్తుంది. కత్తులు అలమారలో పెట్టి తాళం వేశాను. నాది కూడా ఇదేనా?

మూడోడోసు:
మందుల ప్రశ్నను అందరూ దాటేశారు, కనుక నేను చెబుతాను. నాకు ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (కుంగుబాటుకూ ఓసీడీకీ వాడే ఒక రకం మందు) ఇచ్చినప్పుడు ఐదు వారాలకే పనిచేయడం లేదని సొంతంగా మానేశాను. అది నేను చేసిన పెద్ద తప్పు. ఓసీడీలో ఈ మందులు పనిచేస్తున్నాయో లేదో చెప్పడానికి సాధారణంగా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు ఆగాలని, కుంగుబాటుకు ఇచ్చే డోసు కన్నా ఎక్కువ డోసు తరచుగా అవసరమవుతుందని రెండో సైకియాట్రిస్టు చెప్పేదాకా నాకు తెలియదు. హఠాత్తుగా మానేసినందుకు తలతిప్పు, నరాల్లో కరెంటు పాకినట్టుండటం పది రోజులు వేధించాయి. మూడో డోసుకు పెంచాక జబ్బు సగం తగ్గింది, అక్కడ ఆగిపోయింది. మందు వాడుతున్నా లక్షణాలు మిగిలిన వంద మందితో సింప్సన్ బృందం 2013లో ప్రచురించిన పరీక్షలో, ఈఆర్‌పీ చేర్చినప్పుడు 80 శాతం మంది మెరుగుపడ్డారు, రిస్పెరిడోన్ అనే రెండో మందు చేర్చినప్పుడు 23 శాతం, ఉత్తుత్తి మాత్రతో 15 శాతం. అది చదివి నాకు రెండో మందు వద్దని, ఈఆర్‌పీ చేయించమని నేనే అడిగాను. మొదలుపెట్టాలన్నా మానాలన్నా వైద్యుడిని అడిగి చేయండి.

ఆత్మీయశ్రోత:
నిశిరాత్రి గారి ప్రశ్న ఎవరికీ కనబడలేదా? అమ్మా, రాచ్‌మన్, డి సిల్వా 1978లో మామూలు మనుషులనే అడిగి చూస్తే చాలామంది ఇలాంటి అవాంఛిత ఆలోచనలు తమకూ వస్తాయని చెప్పారు. మీరు ఆ ఆలోచనకు భయపడి కత్తులకు తాళం వేయడమే మీ తనిఖీ. ఇది ఓసీడీలో బాగా తెలిసిన రూపం, దీనికి చికిత్స ఉంది. అయినా నిర్ధారణ ఇక్కడ జరగకూడదు, ఓసీడీ తెలిసిన నిపుణులకు ఈ మాటను ఇలాగే చెప్పండి. ఒకవేళ ఆ ఆలోచన మీకు భయం కాక కోరికగా అనిపిస్తే, లేదా ఎవరో ఆజ్ఞాపిస్తున్నట్టు వినబడితే, ఒక్క రోజు కూడా ఆగకుండా వైద్యుడి దగ్గరికి వెళ్లండి.

గణాంకం:
ఇంత మంచి జవాబు నేను వ్రాయలేకపోయేవాడిని. ఒక్కటే చేరుస్తాను. నిశిరాత్రి గారూ, ఈ జవాబును ఒకసారి చదవండి. ఊరట కోసం పదే పదే వచ్చి చదవాలనిపిస్తే, అది కూడా తనిఖీయేనని గుర్తుపెట్టుకోండి.

నిదానం:
ఫొటోల సంగతి ఎవరూ ఎత్తలేదు. తలుపుగడియ గారూ, ఆ నాలుగు వందల ఫొటోలు జేబులో పెట్టుకొని తిరిగే స్టవ్ నాబ్ లాంటివి. అవి ఉన్నంతకాలం మీరు ఇల్లు వదిలి బయటికి రానట్టే. అయితే ఈ రాత్రికే అన్నీ తుడిచేయకండి. నేను అలా ఒకేసారి అన్ని సబ్బులూ పారేసి, మరుసటి రోజు రెట్టింపు కొనుక్కున్నాను.

తలుపుగడియ:
మూడు వారాల తరువాత వ్రాస్తున్నాను. మా కౌన్సెలర్ దగ్గర ఈ మాట ఎలా ఎత్తాలన్న నాలుగో ప్రశ్నకు ఇక్కడ జవాబు రాలేదు గనుక నాకు తోచినట్టే అడిగాను. "మీ దగ్గర మాట్లాడటం నాకు బలాన్నిచ్చింది, కానీ నాబ్ దగ్గర నేను చేసే పని ఎనిమిది నెలల్లో మారలేదు, ఈఆర్‌పీ మీరు చేస్తారా?" అన్నాను. ఆవిడ కాసేపు మౌనంగా ఉండి, తనకు అందులో శిక్షణ లేదని, ఆ మాట ముందే చెప్పవలసిందని అన్నారు. వేరొక సైకాలజిస్టుకు స్వయంగా ఉత్తరం వ్రాసి ఇచ్చారు. ఆత్మీయశ్రోత గారూ, ఆ ఉత్తరం చూసినప్పుడు మీ మాటలు గుర్తుకొచ్చాయి. నమ్మకం లేకపోతే నేను ఆ ప్రశ్న అడిగేదాన్ని కాదు.

కొత్త చోట వై-బాక్స్ 27 వచ్చింది. నాతో ఉండే చెల్లెలి చేత కూడా ఒక ప్రశ్నావళి నింపించారు. మందుల విషయం ఆరు వారాల తరువాత చూద్దామన్నారు. మొదటి పని, స్టవ్ ఒక్కసారి ఆపి, నాబ్ తాకకుండా, ఫొటో తీయకుండా, మెట్ల దగ్గరికి వెళ్లి పది నిమిషాలు నిలబడటం. దానికి ముందు "పొగ వస్తుంది" అని నా జోస్యం కాగితం మీద వ్రాయాలి. మొదటి రోజు నాలుగో నిమిషంలోనే వెనక్కి పరుగెత్తాను. ఐదో రోజున పది నిమిషాలూ నిలబడ్డాను, చేతులు వణుకుతూనే ఉన్నాయి, పొగ రాలేదు. ఫొటోల్లో కిందటి నెలవి మాత్రమే తుడిచాను. మిగిలినవి వారానికి కొన్ని చొప్పున తీసేయాలని ఒప్పందం. రేపటి నుంచి ఇస్త్రీ పెట్టె.