బీసీడీ కొంటున్నాను: బరువులు అందులోనే పెట్టుకోవాలా, నడుముకి బెల్టు కట్టుకోవాలా?

అలల అంచు (విశాఖపట్నం)

అందరికీ నమస్కారం. మాది విశాఖ, నా వయసు 43. పోయిన ఫిబ్రవరిలో మా ఆయనా నేనూ అండమాన్‌లో హేవ్‌లాక్ వెళ్ళి స్కూబా డైవింగ్‌లో మొదటిదైన ఓపెన్ వాటర్ కోర్సు చేశాం. ఇప్పటికి 11 డైవ్‌లు అయ్యాయి. అద్దె సామాను నా ఒంటికి సరిపోవడం లేదు, అందుకే సొంత బీసీడీ (గాలి నింపుతూ, వదులుతూ నీళ్ళలో తేలడం, మునగడం సరిచేసుకునే డైవింగ్ జాకెట్టు) కొనాలనుకుంటున్నాను. ఒక్క విషయం తేలక ఆగిపోయాను.

తొమ్మిదో డైవ్‌లో 12 మీటర్ల లోతున ఉన్నాం. రాతి కింద మోరే ఈల్ (పాములాంటి చేప) ఉందని గైడ్ చూపిస్తే తల కిందికి వంచి చూశాను. వెయిట్ బెల్టు (మునగడానికి సీసం దిమ్మలు కట్టుకునే నడుం పట్టీ) కాస్త వదులైనట్టు అనిపించింది కానీ పట్టించుకోలేదు. మళ్ళీ నిటారుగా అయ్యేసరికి బెల్టు తుంటి మీద నుంచి జారి తొడల దాకా వచ్చేసింది. బకిల్ ఎక్కడుందా అని ముందువైపు తడుముకుంటే అది పక్కకి తిరిగిపోయి ఉంది. రెండు తొడలూ గట్టిగా దగ్గరకి నొక్కి బెల్టుని పట్టుకున్నాను. గైడ్ చూసి వచ్చి, ఒక చేత్తో నా బీసీడీ పట్టుకుని ఇంకో చేత్తో బెల్టు పైకి లాగి బిగించాడు. ఊడిపోయి ఉంటే బెండు ముక్కలా పైకి తేలిపోయేదాన్ని. ఊపిరి బిగబట్టి అలా పైకి పోతే ఊపిరితిత్తులు ఏమవుతాయో కోర్సులో చదువుకున్నాం కదా, అది తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడే.

ఇంకో సంగతి. నాకు నడుములో ఎల్4, ఎల్5 దగ్గర డిస్క్ బాధ ఉంది. బెల్టుకి 7 కిలోల సీసం కట్టారు. రోజుకి రెండు డైవ్‌లు చేస్తే సాయంత్రానికి నడుము పట్టేస్తోంది. నా బరువు 64 కిలోలు, వేసుకునేది 3 మిల్లీమీటర్ల ఫుల్ సూటు, సిలిండర్ మామూలు అల్యూమినియందే.

బరువులు బీసీడీ పాకెట్లలోనే పెట్టుకునే రకం కొంటే ఈ రెండు బాధలూ తీరతాయా? లేక కొత్తవి ఏమైనా వస్తాయా? వాడినవాళ్ళు చెప్పండి.

సీసంగుళ్ళు (అండమాన్)

అక్కా, ముందు మీరు తొడలతో బెల్టు పట్టుకుని ఆగడం చాలా మంచి పని. భయపడి బకిల్ కోసం పెనుగులాడేవాళ్ళే ఎక్కువ.

మాది శ్రీకాకుళం జిల్లా, బారువ దగ్గర పల్లె. ఇక్కడ అండమాన్‌లో తొమ్మిదేళ్ళుగా డైవింగ్ నేర్పుతున్నాను. మీరు అడిగింది బీసీడీ గురించే అయినా, నేను ముందు ఆ 7 కిలోల దగ్గరే ఆగుతాను. 64 కిలోల మనిషికి, 3 మిల్లీమీటర్ల సూటుకి 7 కిలోలు ఎక్కువనిపిస్తోంది. కొత్తవాళ్ళు కంగారులో కిందికి దిగలేరని రెండు దిమ్మలు అదనంగా కట్టడం మా పనిలో అలవాటు. కోర్సు అయ్యాక వాటిని తీసేయాలి, చాలాచోట్ల ఎవరూ తీయరు. బరువు ఎక్కువైతే దాన్ని మోయడానికి బీసీడీలో గాలి ఎక్కువ నింపాలి. మీరు ఒక మీటరు పైకి వచ్చినా ఆ గాలి ఉబ్బి ఇంకా పైకి లాగుతుంది, వదిలితే రాయిలా దిగిపోతారు. డైవ్ అంతా బీసీడీలో గాలి నింపే ఇన్‌ఫ్లేటర్ బటన్ మీదే వేలు ఉంటుంది.

అందుకని ఏదీ కొనకముందే సముద్రంలో బరువు సరిచూసుకోండి. డైవ్ చివర, సిలిండర్‌లో గాలి ఒత్తిడి 50 బార్ మిగిలినప్పుడు, పైన నీళ్ళలో నిలువుగా ఉండి, రెగ్యులేటర్ (గాలి పీల్చుకునేది) నోట్లోనే ఉంచుకుని బీసీడీలో గాలంతా వదిలేయండి. కాళ్ళు ఆడించకండి. మామూలుగా ఊపిరి పీల్చి ఉంటే నీళ్ళు మీ కళ్ళ మట్టానికి రావాలి. ఊపిరి వదిలితే మెల్లగా మునగాలి. చివరలోనే ఎందుకంటే, ఆ 11 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ గాలి దాదాపు రెండున్నర కిలోలు తూగుతుంది. మొదట్లో సిలిండర్ కొంచెం మునిగే స్వభావంతోనే ఉంటుంది, ఖాళీ అవుతున్న కొద్దీ రెండు కిలోల దాకా మిమ్మల్ని పైకి ఎత్తుతుంది. 5 మీటర్ల దగ్గర సేఫ్టీ స్టాప్‌లో (పైకి వచ్చేముందు కాసేపు ఆగే చోట) నిలవలేక తేలిపోయేది అందుకే. నిండు సిలిండర్‌తో చూసుకుంటే, వచ్చిన లెక్కకి రెండు కిలోలు కలుపుకోండి.

ఇప్పుడు ఆ బరువు ఎక్కడ పెట్టాలన్నది. మా నాన్నది విసురు వల. దాని అంచు చుట్టూ సీసం గుళ్ళు వరసగా కడతారు. ఎన్ని గుళ్ళన్నది ఎంత ముఖ్యమో, అవి అంచంతా సమంగా ఉండడం అంతకంటే ముఖ్యం. అన్నీ ఒక పక్క కడితే వల విచ్చుకోదు, ముద్దలా పడిపోతుంది. చిన్నప్పుడు తెగిన గుళ్ళు నేనే కట్టేవాణ్ణి, అందుకే నాకు ఈ లెక్క బాగా పట్టింది. మనిషికీ అంతే. ఉన్న సీసమంతా నడుము దగ్గరే ఉంటే చాలామందికి కాళ్ళు కిందికి దిగిపోతాయి, పైగా మీ డిస్క్ మీదే ఆ బరువంతా. ఒకటి రెండు కిలోలు సిలిండర్ పట్టీకి, వీపు వెనక పాకెట్లలోకి మారిస్తే ఒళ్ళు నీళ్ళలో చాప పరిచినట్టు అడ్డంగా నిలుస్తుంది.

మీ బెల్టు ఎందుకు జారిందంటే, అది నైలాన్‌ది. లోతుకి వెళ్ళేకొద్దీ సూటులో గాలి బుడగలు నలిగి సూటు పలచబడుతుంది. 10 మీటర్ల దగ్గర ఒత్తిడి పైన ఉన్నదానికి రెట్టింపు. పైన బిగుతుగా ఉన్న బెల్టు అక్కడ వదులవుతుంది, నైలాన్ సాగదు, ముడుచుకోదు కదా. ఫ్రీడైవర్లు (సిలిండర్ లేకుండా ఊపిరి బిగబట్టి దిగేవాళ్ళు) కట్టుకునే రబ్బరు బెల్టు చూడండి. దాన్ని సాగదీసి బిగిస్తే, నడుము సన్నబడిన కొద్దీ అదే ముడుచుకుంటుంది. కట్టేటప్పుడు ముందుకి వంగి, బరువు వీపు మీద ఆనేలా పెట్టి బిగించండి. నైలానే అయితే దిమ్మ రెండు చీలికల మధ్య పట్టీని ఒకసారి మెలితిప్పి దూర్చండి, అప్పుడు దిమ్మ పక్కకి జారదు. కిందికి దిగాక నాలుగైదు మీటర్ల దగ్గర బోర్లా పడుకుని ఇంకోసారి బిగించుకోండి. నేర్పేటప్పుడు ఈ మాట నేను ప్రతిసారీ చెబుతాను.

పాకెట్ల రకం సుఖమే, కాదనను. నడుము మీద ఏమీ ఉండదు. కాకపోతే మా డుంగీల (ఇక్కడి చిన్న పడవల) మీదకి నిచ్చెన ఉండదు. నీళ్ళలోనే సామాను విప్పి పైకి అందించాలి. బెల్టు ఉంటే ముందు బెల్టు అందిస్తారు, తర్వాత బీసీడీ. బరువంతా బీసీడీలోనే ఉండగా దాన్ని విప్పితే, సూటుతో మీరు తేలతారు, గాలి సరిగ్గా నింపకపోతే అది మునుగుతుంది. అందుకని ముందు పాకెట్లు పీకి పడవలో వాళ్ళకి ఇవ్వాలి. నిండు సిలిండర్ 17 కిలోల దాకా ఉంటుంది, బీసీడీ మూడు, పైన సీసం అయిదు. ఒడ్డు మీద మీ నడుముతో దాన్ని ఎత్తడం ఊహించుకోండి. సామాను పడవలో కూర్చోబెట్టి ఉండగా, మీరు దాని ముందు కూర్చుని తొడుక్కోండి.

నా సలహా: పాకెట్లు ఉన్న బీసీడీయే కొనండి. పాకెట్లు ఉన్నంత మాత్రాన నింపాలని లేదు. ఊరిని బట్టి, పడవని బట్టి కొంత అందులో, కొంత బెల్టుకి. ఒక్క షరతు. ఆపదలో వదిలేయగల బరువు ఎంతో, అది ఎక్కడుందో మీకూ మీ ఆయనకీ తెలిసి ఉండాలి. వీపు వెనక పాకెట్లు ఆపదలో అందవు, వాటిని లెక్కలో వేసుకోకండి.

ఖోర్‌ఫక్కాన్ కెరటం (దుబాయ్)

సీసంగుళ్ళు తమ్ముడు చెప్పినదానికి ఒక అనుభవం కలుపుతాను. నేను ఆరేళ్ళుగా పాకెట్లే వాడుతున్నాను, నడుం నొప్పి వల్లే మారాను. నిజంగా తేడా ఉంది, బెల్టుకి మళ్ళీ వెళ్ళలేదు.

కానీ మొదటి నెలలోనే ఫుజైరా వైపు ఒక డైవ్‌లో పడవ అంచు మీద నుంచి వెనక్కి పల్టీ కొట్టి దిగాను. నీళ్ళలో పడగానే ఒళ్ళు కుడి పక్కకి ఒరిగిపోతోంది. ఎంత సరిచేసుకున్నా మళ్ళీ అటే. చెయ్యి పెట్టి చూస్తే ఎడమ పాకెట్ లేదు, మూడు కిలోలూ ఇసుకలోకి పోయాయి. పొద్దున పాకెట్ తోసినప్పుడు క్లిక్ మని వినబడిందో లేదో నేను చూసుకోలేదు, తప్పు నాదే. అది పైనే జరిగింది కాబట్టి పడవ ఎక్కేశాను. 20 మీటర్లలో జరిగి ఉంటే వేరే కథ.

అప్పటి నుంచి తోసి, క్లిక్ విని, పిడి పట్టుకుని ఒకసారి గట్టిగా గుంజి చూస్తాను. వెల్క్రోతో మాత్రమే ఆగే పాకెట్లు కొనకండి అక్కా. ఇసుకా ఉప్పూ పట్టి ఏడాదికే పట్టు వదులుతుంది. కొన్నిటికి దీనికి వ్యతిరేకం, బిగిసిపోయి ఎంత లాగినా రావు. ప్రతి డైవ్ తర్వాత మంచినీళ్ళలో జాడించి, పాకెట్లు బయటికి తీసి ఆరబెట్టండి. సీసం ముట్టుకున్న చేతులు కడుక్కోకుండా తినకండి. ప్లాస్టిక్ పూత ఉన్న దిమ్మలు దొరికితే అవే తీసుకోండి.

చలినీళ్ళ డైవర్ (సియాటిల్)

ఇక్కడ ప్యూజెట్ సౌండ్ అనే సముద్రపు పాయలో నీళ్ళు 10 డిగ్రీల అటూ ఇటూ. డ్రై సూటు (లోపలికి నీళ్ళు రానిది) కింద మందపాటి బట్టలు, మొత్తం 14 కిలోల సీసం. అంతా బెల్టుకి కడితే నిలబడలేం, అంతా పాకెట్లలో పెడితే బీసీడీ ఎత్తలేం. అందుకే నాకు వీపుకి ఆనే స్టీలు బ్యాక్‌ప్లేట్ సుమారు రెండున్నర కిలోలు, పాకెట్లలో కొంత, మిగతాది భుజాల మీద నుంచి వేసుకునే పట్టీల హార్నెస్‌లో. బెల్టులాగే ఉంటుంది కానీ బరువు భుజాల మీద పడుతుంది, తుంటి మీద నుంచి జారదు. మీ నడుముకి అదీ పనికొస్తుంది. మీ వెచ్చటి నీళ్ళకి నా లెక్కలు మాత్రం అస్సలు వాడకండి.

అలల అంచు (విశాఖపట్నం)

ముగ్గురికీ చాలా చాలా థాంక్స్. సీసంగుళ్ళు తమ్ముడూ, మీ నాన్నగారి వల మాట చదివాక మా ఆయనకి కూడా చదివి వినిపించాను. ఒక అనుమానం: ఇక్కడ స్విమ్మింగ్ పూల్‌లో బరువు సరిచూసుకుంటే సరిపోతుందా? సముద్రం ఇప్పుడు అల్లకల్లోలంగా ఉంది.

సీసంగుళ్ళు (అండమాన్)

పూల్ నీళ్ళు మంచినీళ్ళు అక్కా. ఉప్పునీరు దానికంటే వందకి రెండున్నర పాళ్ళు బరువు. మీరూ సామానూ కలిపి 88 కిలోలు అనుకుంటే, సముద్రంలో రెండు కిలోలకి పైగా ఎక్కువ కావాలి. పూల్‌లో మొదటి అంచనా వేసుకోండి, దానికి రెండు కలపండి, సముద్రంలో మళ్ళీ చూడండి. పూల్‌లో చేయాల్సింది ఇంకోటి ఉంది: బరువు వదిలేయడం. కళ్ళు మూసుకుని, ఒంటి చేత్తో, పది సార్లు. డైవింగ్ ప్రమాదాల్లో పోయినవాళ్ళని బయటికి తీసినప్పుడు చాలామందికి బరువులు ఒంటి మీదే ఉంటాయి. తీయడం రాక కాదు, ఆ క్షణంలో చెయ్యి అటు పోదు. కింద టైల్స్ పగలకుండా పాత పరుపు ఏదైనా వేయించండి.

అలల అంచు (విశాఖపట్నం)

మూడు వారాలయింది, ఏం జరిగిందో చెబుదామని వచ్చాను. పూల్‌లో 3 కిలోలకే కళ్ళ మట్టానికి నిలిచాను! నిన్న సముద్రం నెమ్మదించింది, రుషికొండ నుంచి పడవ మీద వెళ్ళి 50 బార్ దగ్గర చూసుకున్నాను. 5 కిలోలు. ఇన్నాళ్ళూ రెండు కిలోలు ఊరికే మోశానన్నమాట. రబ్బరు బెల్టుకి 3, సిలిండర్ పట్టీకి 2 పెట్టాను. తల కిందికి వంచి రెండుసార్లు చూశాను, బెల్టు కదల్లేదు. రాత్రి నడుముకి వేడినీళ్ళ సంచి పెట్టుకోకుండా పడుకున్నాను.

బీసీడీ క్లిక్ పాకెట్లున్నదే ఆర్డర్ పెట్టాను, వచ్చే వారం వస్తుంది. పాకెట్లలో చెరో కిలోన్నర వేసి, మా ఆయన్ని కళ్ళు మూసుకుని నా పక్కన నిలబడమంటాను. ఎడమది ఒకసారి, కుడిది ఒకసారి, పది సార్లూ తనే పీకాలి.