36ఈఎల్ నంబరున్న పాత హార్లీ: కొనేముందు ఏం చూడాలి, ఎలా లేపాలి?

కొలంబస్_కిరణ్:

అందరికీ నమస్కారం. ఒహాయోలో మా వీధిలో ఒక పెద్దావిడ, భర్త పోయాక గరాజ్ ఖాళీ చేస్తూ ఆయన హార్లీ అమ్మకానికి పెట్టారు. 1936 నకిల్‌హెడ్ (పిడికిలి కణుపుల్లాంటి మూతలున్న హార్లీ ఇంజిన్ రకం) అంటున్నారు. ఇంజిన్ ఎడమ వైపు 36ఈఎల్, పక్కన నాలుగు అంకెలు ఉన్నాయి. టైటిల్ (బండి యాజమాన్య పత్రం) మీద కూడా అదే నంబరు, కానీ అది ఇంకా ఆయన పేరు మీదే ఉంది. ప్లేటు మీద ఆఖరి స్టిక్కర్ 1978ది.

నాకు కనిపించినవి: రెండు చక్రాలూ 16 అంగుళాలు. వాల్వ్ స్ప్రింగులు రేకు మూతల లోపల పూర్తిగా దాగి ఉన్నాయి. ఫ్రేమ్ మెడ దగ్గర పెయింటు కింద పుట్టీ పగిలింది. కిక్ అంగుళం కూడా దిగడం లేదు. ఆయిల్ ట్యాంకులో తారులాంటిది గడ్డకట్టింది. బండితో పాటు ఒక అట్టపెట్టె నిండా పాత బిల్లులు ఇస్తానన్నారు.

ఇది నిజంగా 36 బండేనా? ఇంజిన్ పాడవకుండా ఎలా కదిలించాలి? కొన్నేళ్ల తర్వాత విశాఖ తీసుకెళితే అక్కడ రిజిస్ట్రేషన్ అవుతుందా?

రాకర్_రమణ:

కిరణ్ గారూ, ముందు కిక్ మీద నుంచి కాలు తీసేయండి. ఇంజిన్ సంగతి తర్వాత, మొదట నంబర్ల సంగతి చూద్దాం.

హార్లీ 1970 మోడల్ దాకా ఫ్రేముకి నంబరు కొట్టలేదు. అంతకుముందు బండ్లన్నిటికీ ఎడమ క్రాంక్‌కేస్ (ఇంజిన్ అడుగు పెట్టె) మీద కొట్టిన ఇంజిన్ నంబరే బండి నంబరు, టైటిల్ మీద ఎక్కేదీ అదే. అంటే చట్టం దృష్టిలో మీరు కొనేది ఆ అల్యూమినియం ముక్కనే. మిగతాదంతా దానికి తగిలించిన సామాను. దొంగ నంబర్లు కొట్టేవాళ్లకి ఇదే సందు. 36 నకిల్‌హెడ్ మొదటి ఏడాది బండి, పైగా ఆ ఏడు తయారైనవి రెండు వేల లోపే. 1941 నాటి కేసు మీద పాత నంబరు గీకేసి 36 అని కొడితే ధర ఎక్కడికో పోతుంది.

నంబరు కొట్టిన గద్దెని పక్క నుంచి టార్చ్ వేసి చూడండి. అసలైనదైతే అంకెల మధ్య కూడా పోత గరుకు కనిపిస్తుంది. ఫైలు గీతలు, గ్రైండర్ మెరుపు, చుట్టుపక్కల కంటే గద్దె పల్లంగా ఉండటం, అంచుల్లో వెల్డింగ్ బొబ్బలు, వీటిలో ఏ ఒక్కటి ఉన్నా ఆగిపోండి. అంకెలు కాస్త వంకరగా, ఎడం హెచ్చుతగ్గులుగా ఉన్నాయని మాత్రం భయపడొద్దు. చేత్తో కొట్టినవి అలాగే ఉంటాయి. గీత గీసినట్టు తిన్నగా ఉంటేనే నాకు అనుమానం.

తర్వాత నేల మీద పడుకుని ఇంజిన్ కింద చూడండి. రెండు కేసు భాగాల అడుగునా ఒక్కో నంబరు ఉంటుంది. బెల్లీ నంబరు అంటారు. ఏడాది రెండంకెలు, అడ్డగీత, తర్వాత వరుస సంఖ్య. ఇది పైన ఉన్న నంబరుతో కలవదు, కలవాల్సిన పనీ లేదు. కానీ కుడి భాగంలోదీ ఎడమ భాగంలోదీ ఒకటే కావాలి. ఎందుకంటే రెండు భాగాల్నీ కలిపి బిగించే మెయిన్ బేరింగు రంధ్రాలు తొలిచేవారు. నంబర్లు వేరైతే అవి జతగా పుట్టినవి కావు, షాఫ్టు ఒక వరసలో తిరగదు, బేరింగులు తొందరగా పోతాయి. పైన 36 ఉండి అడుగున 41 ఉంటే ఇక మాట్లాడేదేముంది. గట్టిపడిన గ్రీజుని కిరోసిన్, ప్లాస్టిక్ బ్రష్షుతో తీయండి. ఇనుప బ్రష్షు పెట్టొద్దు.

16 అంగుళాల చక్రాలు హార్లీలో 1940లో వచ్చాయి, 36 బండి 18తో వచ్చేది. వాల్వ్ స్ప్రింగుల పూర్తి మూతలు 1938వి. 36 ఇంజిన్లో స్ప్రింగులు సగం బయటే ఉండేవి. పైకి వెళ్లే ఆయిల్ ఒకచోట ఎక్కువై బూట్ల మీద చిమ్మేది, ఇంకోచోట చాలక వాల్వ్ గైడు అరిగేది. అందుకే అప్పటి ఓనర్లు చాలామంది తర్వాతి హెడ్లు వేయించుకున్నారు. దాన్ని మోసం అనలేం, బండిని రోజూ నడిపిన మనిషి తెలివి అది. ధరలో మాత్రం తేడా వస్తుంది. డ్యాష్ మీద స్పీడోమీటర్ 100 దాకానా, 120 దాకానా? 100 అయితే 36 డయల్, 120 తర్వాతిది.

ఆ అట్టపెట్టెని బండి కంటే ముందు తీసుకోండి. పాత రిజిస్ట్రేషన్ కార్డుల్లో నంబరు ఏళ్ల తరబడి ఒకేలా ఉంటే అంతకంటే గట్టి సాక్ష్యం లేదు. టైటిల్ ముందు ఆవిడ పేరు మీదకి మార్పించమనండి. ఒట్టి సేల్ బిల్లు చాలదు. డబ్బు ఇచ్చే ముందే దొంగబండ్ల జాబితాలో నంబరు చూపించుకోండి.

బాబ్జీ_డీజిల్:

ఇంత కథ ఎందుకండీ. ప్లగ్గులు విప్పి డీజిల్ పోసి రెండు రోజులాగి, సెకండ్ గేర్లో పెట్టి కారుకి కట్టి లాగితే వదులుతుంది. పాత బండ్లన్నీ అలాగే లేచేవి.

లింకర్ట్_లక్ష్మి:

బాబ్జీ గారూ, ఈ బండికి ఆ సలహా ఇవ్వొద్దు. దీని సిలిండర్లు పోత ఇనుము, పిస్టన్లు అల్యూమినియం. నలభై ఏళ్ల చెమ్మకి రింగులు గోడకి తుప్పుతో అతుక్కుంటాయి. కారుతో లాగితే పిస్టన్ రింగుల గాడి దగ్గర విరుగుతుంది. వాల్వు గైడులో బిగుసుకుని ఉంటే పుష్‌రాడ్ (వాల్వుని తెరిచే కడ్డీ) వంగుతుంది. రెండూ ఒకేసారి జరగొచ్చు. కిక్ మీద ఎగిరినా అంతే, కిక్ గేర్ పళ్లు ఊడతాయి.

కిరణ్ గారూ, ఈ వరసలో వెళ్లండి.

ప్లగ్గులు విప్పండి. ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిల్, అసిటోన్ సమపాళ్లలో కలిపి ఒక్కో సిలిండర్లో పోయండి. ఇది 45 డిగ్రీల వీ ఇంజిన్, సిలిండర్లు వాలి ఉంటాయి, కొంచెం పోస్తే పిస్టన్ ఒక అంచునే తడుస్తుంది. తల మొత్తం మునిగేదాకా పోసి, రోజూ మట్టం చూసి మళ్లీ నింపండి. వారం ఆగండి. అసిటోన్ ఆవిరి అంటుకుంటుంది. గరాజ్‌లో గ్యాస్ వాటర్ హీటర్ ఉంటే బండిని బయటికి తోసి ఈ పని చేయండి.

ఈలోగా పుష్‌రాడ్ కవర్లు పైకెత్తి నాలుగూ చూడండి. ఏదైనా వదులుగా వేలాడుతుంటే ఆ వాల్వు తెరుచుకుని ఇరుక్కుందన్నమాట. దాన్ని విడిపించకుండా ఇంజిన్ తిప్పొద్దు.

తర్వాత వెనక చక్రం పైకెత్తి, టాప్ గేర్లో పెట్టి, చక్రాన్ని రెండు చేతులతో ముందుకీ వెనక్కీ ఊపండి. తోసి తిప్పకండి, ఊపాలి. పావు అంగుళం కదిలితే ఆ రోజుకి చాలు. రెండు మూడు వారాలైనా కదలకపోతే ఇంజిన్ దించి సిలిండర్లు విప్పడమే. నన్నడిగితే కదిలినా విప్పమనే చెబుతాను. ట్యాంకులో తారు ఉందంటే లోపలి ఆయిల్ దారుల్లోనూ అదే ఉంటుంది. దాని మీద డిటర్జెంట్ ఉన్న కొత్త ఆయిల్ పోస్తే ఆ మడ్డి పెళ్లలుగా లేచి సన్నటి రంధ్రాల్లో అడ్డం పడుతుంది. ఇంజిన్ పది నిమిషాలు హాయిగా తిరుగుతుంది, పదకొండో నిమిషంలో బిగ్ ఎండ్ (కనెక్టింగ్ రాడ్ కింది బేరింగు) అరుస్తుంది.

ఆయిల్ ట్యాంకు దించి, లోపల గుప్పెడు చిన్న నట్లు, కిరోసిన్ వేసి కుదపండి. తర్వాత ఆ నట్లు లెక్కపెట్టి తీయండి. ఇది నవ్వులాటకి చెప్పడం లేదు.

కార్బురేటర్ లింకర్ట్ కంపెనీది. పాత ఫ్లోటు బెండుతో చేసి లక్క పూసింది. ఇప్పటి పెట్రోల్లో ఇథనాల్ ఉంటుంది, అది లక్కని కరిగిస్తుంది, బెండు పెట్రోలు పీల్చి మునుగుతుంది. కొత్త ఫ్లోటు వేసి, గిన్నె అంచు నుంచి ఫ్లోటు పైభాగం పావు అంగుళం కింద ఉండేలా పెట్టండి. కార్బురేటర్‌కీ హెడ్లకీ మధ్య మానిఫోల్డ్ రెండు పెద్ద నట్లతో నీటి పైపులా బిగిస్తారు. ఈ ఇంజిన్ అసలు జబ్బు అక్కడే. కాస్త వంకరగా బిగిసినా గాలి పీలుస్తుంది, స్లో నిలవదు, కార్బురేటర్‌లోంచి తుమ్ముతుంది, జనం కార్బురేటర్‌ని తిడతారు. లోపలికి కొద్దిగా గాలి కొట్టి నట్ల చుట్టూ సబ్బు నురగ పూయండి, ఎక్కడ బుడగ వస్తే అక్కడే లీకు.

కొలంబస్_కిరణ్:

చాలా థాంక్సండీ. ఆవిడ అనుమతి తీసుకుని అడుగు శుభ్రం చేశాను. రెండు భాగాల్లోనూ 36తో మొదలయ్యే ఒకటే నంబరు ఉంది. పైన గద్దె గరుకుగానే ఉంది. స్పీడోమీటర్ 100 దాకానే. పెట్టెలో 1950 నాటి బిల్లు దొరికింది: రెండు హెడ్లు, రెండు చక్రాలు, మార్చిన కూలి. వెనక పెన్సిల్‌తో ఆయిల్ పోసిన తేదీలూ మైళ్లూ రాసి ఉన్నాయి. మెడ దగ్గర పుట్టీ కింద మాత్రం అడ్డంగా వెల్డింగు గీత ఉంది.

రాకర్_రమణ:

ఇంజిన్ అసలైనదే. చక్రాలూ హెడ్లూ ఎందుకు వేరో ఆ బిల్లు చెప్పేసింది. దాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టండి, రెండో వైపు కూడా కనిపించేలా. ఆ పెన్సిల్ లెక్క ఏ సర్టిఫికెట్టుకీ తీసిపోదు.

మెడ వెల్డింగు అంటే 60, 70ల్లో ఎవరో చాపర్ (ఫోర్కు ముందుకి చాచిన షోకు బండి) కోసం ముందు ఫోర్కు వాలు పెంచారు, తర్వాత వెనక్కి తెచ్చారు. కింది గొట్టాలకి సైడ్‌కార్ తగిలించే కొక్కేలూ టూల్‌బాక్స్ పట్టీలూ ఉన్నాయో, కోసేసి నున్నగా రుద్దారో చూడండి. ఆ రోజుల్లో అవి అందం చెడగొడతాయని కోసి పారేసేవారు. ఫ్రేమ్ బాగుచేయడం సామాన్యమైన పని కాదు, జిగ్ (ఫ్రేమ్ కొలత సరిచూసి బిగించే చట్రం) ఉన్న షాపుకే ఇవ్వాలి. ఆ ఖర్చు ధరలో తగ్గించి అడగండి. పెయింటు మాత్రం ముట్టుకోవద్దు. ఒకసారి గీకితే అసలు రంగు మళ్లీ రాదు.

మామూలు రోడ్డు బండికి ఇంత వెతుకులాట ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పండి: 1937 మార్చి 13న డేటోనా బీచ్ ఇసుకలో రేసర్ జో పెట్రాలి గంటకి 136.183 మైళ్ల రికార్డు కొట్టింది ఈ 61 క్యూబిక్ అంగుళాల కుటుంబం ఇంజిన్‌తోనే. గాలిని చీల్చడానికని బండికి రేకు తొడుగు వేశారు, తీరా వేగం మీద ముందు చక్రం తేలుతుంటే అది పీకేసి మళ్లీ వెళ్లాడు.

విశాఖ_వింటేజ్:

రిజిస్ట్రేషన్ గురించి. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన టూవీలర్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది. నంబరులో రాష్ట్రం అక్షరాల తర్వాత వీఏ వస్తుంది. కొత్తగా చేయిస్తే 20,000 రూపాయలు, పదేళ్ల తర్వాత మళ్లీ 5,000. రోజువారీ తిరగడానికీ వ్యాపారానికీ వాడకూడదు, ప్రదర్శనలకీ ర్యాలీలకీ పరిమితం. చాసిస్, బాడీ, ఇంజిన్ అసలు రూపం నుంచి పెద్దగా మారకూడదని షరతు, కాబట్టి ఆ మెడ వెల్డింగు ఇక్కడ కూడా అడ్డొస్తుంది. ఫ్రేమ్ ఫ్యాక్టరీ కొలతకి తెచ్చి, ఆ రిపేరు బిల్లులు దాచుకోండి. కస్టమ్స్ సుంకం విడిగా ఉంటుంది, బండి ఎక్కించక ముందే కస్టమ్స్ ఏజెంటుని అడగండి.

లింకర్ట్_లక్ష్మి:

స్టార్ట్ చేసే రోజుకి కొన్ని మాటలు, ఇప్పుడే రాసిపెట్టుకోండి.

కరెంటు 6 వోల్టులు, నెగటివ్ ఎర్త్. బ్యాటరీ కలిపాక, ఇంజిన్ ఆపి ఉండగానే, కటౌట్ రిలే (జనరేటర్ని బ్యాటరీకి కలిపి, విడదీసే స్విచ్చు) మీద బ్యాటరీ టెర్మినల్‌నీ జనరేటర్ టెర్మినల్‌నీ చిన్న వైరు ముక్కతో ఒక్క క్షణం తాకించండి. చిటుక్కుమని నిప్పురవ్వ వస్తే చాలు. ఇది మరిస్తే జనరేటర్ తిరగేసి ఛార్జ్ చేసి రిలే పాయింట్లు మాడతాయి. ఇగ్నిషన్ పాయింట్ల గ్యాప్ 0.022 అంగుళం. పాత కండెన్సర్ ఎంత బాగున్నట్టు కనిపించినా మార్చండి, అది చల్లగా ఉన్నప్పుడు పనిచేసి వేడెక్కాక చస్తుంది. పుష్‌రాడ్లు ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు సర్దాలి: వాల్వు మూసి ఉన్నప్పుడు రెండు వేళ్లతో సులువుగా తిరగాలి, పైకీ కిందకీ మాత్రం ఆడకూడదు.

ఆయిల్ ఎస్ఏఈ 50. ప్లగ్గులు లేకుండా కిక్ కొడుతూ ఆయిల్ ట్యాంకు మూత తీసి లోపల చూడండి, రిటర్న్ గొట్టంలోంచి ఉమ్మినట్టు ఆయిల్ రావాలి. అది వచ్చేదాకా ప్లగ్గులు పెట్టొద్దు.

తర్వాత ఇగ్నిషన్ ఆపి, చోక్ మూసి, థ్రాటిల్ పూర్తిగా తెరిచి రెండు కిక్కులు. ఇగ్నిషన్ వేసి, చోక్ సగం తీసి, ఎడమ గ్రిప్‌తో స్పార్క్ (ప్లగ్గులో నిప్పు పడే సమయం) వెనక్కి తిప్పి మూడో కిక్. స్పార్క్ ముందుకి పెట్టి తంతే కిక్ ఎదురు తిరిగి మడమ విరుగుతుంది. అంటుకోగానే స్పార్క్ ముందుకి తెచ్చి, మళ్లీ రిటర్న్ గొట్టం చూడండి. నిమిషంలో ఆయిల్ రాకపోతే ఆపేయండి.

క్లచ్ ఎడమ కాలు కింద ఉంటుంది. మడమ నొక్కితే విడుస్తుంది, మునివేళ్లు నొక్కితే పడుతుంది. మామూలు బైకుల అలవాటుతో ట్రాఫిక్ లైట్ దగ్గర చేతులు లివరు కోసం వెతుక్కుంటాయి. మొదటి వారం ఖాళీ పార్కింగులోనే తిప్పండి.