ఈ మధ్య ఏం వింటున్నారు? జాజ్‌లో దేన్ని పట్టుకుని వినాలి?

వాల్తేరు శ్రోత
అందరికీ నమస్కారం. మాది పెదవాల్తేరు. ఇంట్లో చిన్నప్పట్నుంచి కర్ణాటక సంగీతమే, కళాభారతిలో కచేరీ ఉందంటే నాన్నగారితో వెళ్ళిపోయేవాణ్ణి, అది కాకపోతే ఇళయరాజా. ఈ మధ్య పొద్దున్నే బీచ్ రోడ్లో బళ్ళు ఆపేసే టైంలో నడుస్తూ మైల్స్ డేవిస్ జాజ్ ఆల్బమ్ ‘కైండ్ ఆఫ్ బ్లూ’ వింటున్నా. హాయిగా ఉంది, ఆ ట్రంపెట్ అంటే ఇష్టం కూడా పుట్టింది, కానీ కాసేపయ్యేసరికి పాటలో ఎక్కడున్నానో తెలీట్లేదు. మొదట్లో చిన్న ట్యూన్ వస్తుంది, తర్వాత ఎవరికి తోచింది వాళ్ళు వాయిస్తారు, మళ్ళీ ఎప్పుడో చివర్లో ఆ ట్యూన్ తిరిగొస్తుంది. మన కచేరీలో అయితే తొడ మీద తాళం వేసుకుంటూ కూర్చుంటాం కదా, దారి తప్పం. ఇక్కడ దేన్ని పట్టుకోవాలి?
అలాగే మీరేం వింటున్నారో చెప్పండి, జాజే అవ్వక్కర్లేదు, ఆఫ్రికా, క్యూబా, అరబ్ ఏదైనా పర్లేదు. పేరు చెప్పి వదిలేయకుండా అందులో ఏం వినాలో కూడా రాయండి ప్లీజ్.

ఫిడేలు విద్యార్థి
తాళం వేసుకోవడం మానొద్దండి, అదే మీకు దారి. ఆ ఆల్బమ్‌లో మొదటి ట్రాక్ ‘సో వాట్’ తీసుకోండి. పియానో, బేస్ కలిసి నెమ్మదిగా ఏదో ఆలోచిస్తున్నట్టు మొదలవుతుంది, దానికి తాళం లేదు, వదిలేయండి. తర్వాత పాల్ చేంబర్స్ బేస్ మీద ఓ ప్రశ్న వేస్తాడు, మిగతావాళ్ళు రెండే రెండు దెబ్బల్లో జవాబిస్తారు. అక్కణ్ణుంచి లెక్క పెట్టండి. మొత్తం 32 బార్లు, బారుకి నాలుగు దెబ్బలు. మన లెక్కలో ఆది తాళం పదహారు ఆవర్తనాలు అన్నమాట, ఆవర్తనం అంటే ఎనిమిది దెబ్బల చుట్టు. మొదటి ఎనిమిది ఆవర్తనాలు ఒక శ్రుతిలో ఉంటాయి, తర్వాత నాలుగు ఆవర్తనాలు మొత్తం అంతా అర మెట్టు, అంటే ఒక్క స్వరస్థానం, పైకి జరుగుతుంది, చివరి నాలుగు మళ్ళీ కిందికి. అంతే. పాట అయ్యేదాకా ఈ చట్రమే తిరుగుతూ ఉంటుంది, సోలో వాయించేవాళ్ళు దీని మీదే వాయిస్తారు. అప్పటికప్పుడు అల్లుకుంటూ వాయించడాన్ని మనోధర్మం అంటాం చూడండి, అదే పని.
ఈ పాటలో వాడిన స్వరాల వరసని వాళ్ళు డోరియన్ అంటారు, అవి మన ఖరహరప్రియ స్వరాలే, చతుశ్రుతి రిషభం, సాధారణ గాంధారం, అన్నీ అవే. కానీ అందులో ఖరహరప్రియ రాగం కోసం వెతకొద్దు, స్వరాన్ని ఊపే గమకం లేదు, మన రాగం నడక ఉండదు. స్వరాలు ఒకటైనంత మాత్రాన రాగం ఒకటి కాదని మీకు నేను చెప్పక్కర్లేదు. వినాల్సింది వేరే ఉంది, ఆ అర మెట్టు పైకి వెళ్ళే చోట ఒక్కొక్కరు ఎలా అడుగేస్తారో చూడండి. ముందు మైల్స్ రెండు చుట్లు వాయిస్తాడు, తక్కువ స్వరాలు, ఎక్కువ ఖాళీ. అతను మొదలెట్టగానే డ్రమ్స్ వాయించే జిమ్మీ కాబ్ తాళపు చిప్ప మీద ఒక్క దెబ్బ వేస్తాడు, అది ఎన్నిసార్లు విన్నా నాకు ఒళ్ళు పులకరిస్తుంది. తర్వాత సాక్సఫోన్‌తో జాన్ కోల్‌ట్రేన్ వస్తాడు, ఖాళీ అన్నదే ఉండదు. ఆ తర్వాత ఇంకో సాక్సఫోన్ కేనన్‌బాల్ ఆడర్లీ, చివర్లో పియానో బిల్ ఎవాన్స్. 1959లో న్యూయార్క్‌లో మార్చిలో ఒకసారి, ఏప్రిల్లో ఒకసారి కూర్చుని మొత్తం ఆల్బమ్ ముగించేశారు. ఒకే చట్రంలో నలుగురు నాలుగు రకాల మనుషులు, అందుకే ఇది నాకు ప్రాణం.

గాజువాక మాస్టారు
పైన చెప్పింది బాగుంది. తాళం పిచ్చి ఉన్నవాళ్ళకి నేనైతే ముందు జాజ్ పియానిస్టు డేవ్ బ్రూబెక్ బృందం ‘టేక్ ఫైవ్’ ఇస్తాను, అదీ 1959దే. ఐదు దెబ్బలు. మన ఖండచాపు తక తకిట కదా, వాళ్ళది తకిట తక, మూడు ముందు రెండు తర్వాత. పియానో ఒక్కటే ముక్క మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఉంటుంది, చెయ్యి దాని మీద పెట్టుకుని కూర్చుంటే పైన జో మొరెల్లో డ్రమ్స్ ఎంత దూరం పోయినా మీరు తప్పిపోరు. రాసింది సాక్సఫోన్ వాయించిన పాల్ డెస్మండ్. అదే రికార్డులో ‘బ్లూ రోండో’ ఇంకా గమ్మత్తు, బ్రూబెక్ 1958 టూర్లో ఇస్తాంబుల్ వీధుల్లో వాయించేవాళ్ళ దగ్గర విన్న తొమ్మిది దెబ్బల నడక అది, తక తక తక తకిట.

పాలకొల్లు అల్లుడు
మనోళ్ళని వదిలేసి ఇంత దూరం ఎందుకండీ, శక్తి అనే బ్యాండ్ వినండి. 1976లో వచ్చిన మొదటి రికార్డు, జాన్ మెక్‌లాఫ్లిన్ గిటార్, ఎల్. శంకర్ వయొలిన్, జాకిర్ హుస్సేన్ తబలా, విక్కు వినాయకరామ్ ఘటం. తర్వాత ‘రిమెంబర్ శక్తి’లో మా పాలకొల్లు శ్రీనివాస్ గారి మాండలిన్. జాకిర్ గారు 2024 డిసెంబర్లో పోయిన దగ్గర్నుంచి ఇంట్లో ఇవే మోగుతున్నాయి.

ఫిడేలు విద్యార్థి
శక్తి అంటే నాకూ ప్రాణమే అండీ, కానీ వాల్తేరు గారికి అది ముందు ఇస్తే తెలిసిన దారిలోనే తిరుగుతారు, జాజ్ వాళ్ళ అడుగు ఎలా పడుతుందో తెలీదు. ముందు అటు వెళ్ళి తర్వాత శక్తికి వస్తే మెక్‌లాఫ్లిన్ ఎంత దూరం నడిచొచ్చాడో అర్థమవుతుంది.

భీమిలి రోడ్డు
నేను జాజ్ కన్నా ఆఫ్రికాలోని మాలీ దేశం వైపు ఎక్కువ. అలీ ఫర్కా టూరే గిటార్, తుమానీ జబాతే కోరా, ఇద్దరూ కలిసి ‘ఇన్ ద హార్ట్ ఆఫ్ ద మూన్’ అని 2005లో వచ్చింది. వాళ్ళ రాజధాని బమాకోలో నైజర్ నది ఒడ్డున ఒక హోటల్లో రికార్డ్ చేశారు. కోరా అంటే సగం సొరబుర్రకి తోలు బిగించి 21 తీగలు కట్టిన వాయిద్యం, రెండు బొటనవేళ్ళు, రెండు చూపుడువేళ్ళు, ఆ నాలుగింటితోనే కింది నడకా పైన పాటా అన్నీ అతనే వాయిస్తాడు, మొదటిసారి వింటే ముగ్గురున్నారు అనుకుంటారు. ఇందులో ఎవరూ ఎవరినీ దాటాలని చూడరు, ఒకరు పలికితే ఇంకొకరు ఆగుతారు. వానాకాలం సాయంత్రం కిటికీ తీసి పెట్టుకుని చిన్న వాల్యూంలో వినండి. ఇద్దరూ ఇప్పుడు లేరు, అలీ 2006లో, తుమానీ 2024లో పోయారు.

డాల్ఫిన్ నోస్
పోర్టు ఊరి వాళ్ళం కాబట్టి ఇంకో పోర్టు ఊరి గొంతు చెప్తాను. ఆఫ్రికాకి పడమరన కేప్ వెర్డే దీవుల్లో మిందేలో అనే రేవు పట్నం, అక్కడి గాయని సెజారియా ఎవోరా. చెప్పుల్లేకుండా స్టేజ్ ఎక్కేది. వాళ్ళ పాట పేరు మోర్నా, నెమ్మదిగా ఊగుతుంది, కడుపు చేతపట్టుకుని సముద్రం దాటి వెళ్ళిపోయినవాళ్ళ గురించి. 1992లో వచ్చిన ‘మిస్ పెర్ఫుమాడో’ ఆల్బమ్‌లో ‘సొదాద్’ వినండి. మా బాబాయి షిప్పుల్లో పనిచేసేవాడు, పిన్ని నెలల తరబడి ఒక్కత్తే ఉండేది, భాష ఒక్క ముక్క రాకపోయినా ఆ పాట పెడితే కదలకుండా కూర్చుంటుంది.

వాల్తేరు శ్రోత
అందరికీ చాలా థ్యాంక్సండీ. ఇవాళ నడక మానేసి బెంచీ మీద కూర్చుని ‘సో వాట్’ తాళం వేస్తూ విన్నాను. ఎనిమిది ఆవర్తనాలు అవగానే అంతా పైకి జరగడం స్పష్టంగా దొరికింది, మళ్ళీ కిందికి దిగినప్పుడు ఇంటికి వచ్చినట్టే ఉంది. కోల్‌ట్రేన్ దగ్గర ఒకచోట తప్పిపోయి బేస్ పట్టుకుని తిరిగొచ్చాను. ‘సొదాద్’ అమ్మకి వినిపించాను, ఎవర్రా ఈవిడ, ఇంకోటి పెట్టు అంది. దీని తర్వాత ఏది వినమంటారు?

ఫిడేలు విద్యార్థి
ఆలిస్ కోల్‌ట్రేన్ ‘జర్నీ ఇన్ సచ్చిదానంద’, 1971. కోల్‌ట్రేన్ భార్య, ఆవిడది హార్ప్, నిలబెట్టి మీటే పెద్ద తీగల వాయిద్యం. మొదటి ట్రాక్‌లో తంబురా కూడా ఉంది, శ్రుతి ఎటూ పోదు. బేస్ సెసిల్ మెక్‌బీ, ఈసారి మొదట్నుంచీ అతన్నే పట్టుకుని వినండి, ఫారో శాండర్స్ సాక్సఫోన్ ఎప్పుడొస్తుందో ఎదురు చూడొద్దు, అదే వస్తుంది.