కె-పాప్‌లో బయటివాళ్లకి నిజంగా చోటుందా? పదహారేళ్ల పిల్లని పంపొచ్చా?

వాల్తేరు పిన్ని:
మా అక్క కూతురికి పదహారేళ్లు, ఇంటర్ ఫస్టియర్. ఎనిమిదో తరగతి నుంచి కె-పాప్, అంటే కొరియన్ పాప్ పాటలకి, వాళ్ల స్టెప్పులే దించి కవర్ డాన్స్ చేస్తోంది. ఇప్పుడు సియోల్‌లో ఇలాంటి గ్రూపుల్ని తయారుచేసే ఒక ఏజెన్సీకి ఆన్‌లైన్ ఆడిషన్ వీడియో పంపుతానంటోంది. అక్క సరేనంది, బావగారు ససేమిరా అంటున్నారు. ఆయన భయాన్ని నేను కొట్టిపారేయలేను. 2024 జనవరిలో తమిళనాడులోని కరూర్ దగ్గర నుంచి ముగ్గురు పదమూడేళ్ల పిల్లలు బీటీఎస్ అనే కొరియన్ గ్రూపుని చూడాలని పద్నాలుగు వేల రూపాయలు పట్టుకుని ఇల్లు వదిలేశారు. మా విశాఖపట్నం వచ్చి ఓడెక్కి కొరియా పోవాలని వాళ్ల ఆలోచన. కాట్పాడి స్టేషన్‌లో పోలీసుల కంటపడ్డారు కాబట్టి సరిపోయింది. ఆ వార్త చదివిన దగ్గర నుంచి ఆయనకి కొరియా అంటేనే టెన్షన్.

నేను అడిగేది ఒకటే. కొరియా బయట పుట్టి పెరిగినవాళ్లకి ఆ రంగంలో నిజమైన చోటు ఉందా? లేక వాళ్ల దేశంలో ఫ్యాన్స్‌ని సంపాదించుకోవడానికి ఒకరిని చేర్చుకుని ఓ మూల నిలబెడతారా? ఆడపిల్లకి డాన్స్ ఎందుకనే మాట మాత్రం వద్దు. చిన్నప్పుడు దానికి కూచిపూడి నేర్పించింది మా బావగారే.

హల్యూ హైదరాబాద్:
ఉంది పిన్నిగారూ. లీసానే చూడండి. థాయ్‌లాండ్‌లోని బురీరామ్‌లో పుట్టింది. 2010లో బ్యాంకాక్‌లో వైజీ అనే ఏజెన్సీ ఆడిషన్‌లో నెగ్గి, మరుసటేడు సియోల్ వెళ్లింది. అప్పటికి పద్నాలుగేళ్లు. ఐదేళ్లు ట్రైనీగా, అంటే ఏజెన్సీ శిక్షణలో ఉండి 2016 ఆగస్టులో బ్లాక్‌పింక్ అనే గ్రూపుతో డెబ్యూ చేసింది, అంటే మొదటిసారి జనం ముందుకొచ్చింది. ఆ గ్రూపులో మెయిన్ డాన్సర్ ఆమే, కాబట్టి మూల నిలబెట్టారని ఎవరూ అనలేరు. 2024లో సొంత కంపెనీ కూడా పెట్టుకుంది. అంతకుముందు నిచ్‌ఖున్ ఉన్నాడు. కాలిఫోర్నియాలో పుట్టిన థాయ్ కుర్రాడు. 2006లో లాస్ ఏంజిలిస్‌లో జేవైపీ ఏజెన్సీ వాళ్ల కంట్లో పడ్డాడు, 2008లో 2పీఎం అనే గ్రూపులో వచ్చాడు. అప్పటికి అతనికి కొరియన్ కొత్త భాషే.

మన పక్క రాష్ట్రం సంగతి చెప్పనా? ఒడిశాలోని రూర్కెలాలో పెరిగిన శ్రియా లెంకా ఒడిస్సీ నేర్చుకున్న పిల్ల. వేలమంది పోటీపడ్డ ఆన్‌లైన్ ఆడిషన్‌లో నిలిచి 2021 చివర్లో సియోల్ వెళ్లింది, 2022 మేలో బ్లాక్‌స్వాన్ అనే గ్రూపులో చేరింది. 2023లో కేరళ అమ్మాయి ఆరియా ఎక్స్:ఇన్ గ్రూపుతో వచ్చింది. రూర్కెలా నుంచి దారి ఉన్నప్పుడు వాల్తేరు నుంచి ఎందుకు లేదు?

కాగితం చదివాకే సంతకం:
హల్యూ గారు చెప్పినవి నిజాలే. కానీ అవన్నీ గట్టెక్కినవాళ్ల కథలు. పిన్నిగారు అడిగిన ‘చోటు’ గురించి నేను చెప్తాను.

సూపర్ జూనియర్ అనే గ్రూపులో హాన్ గెంగ్ అనే చైనా కుర్రాడు ఉండేవాడు. 2005లో డెబ్యూ. అప్పట్లో విదేశీయులకున్న నిబంధనల వల్ల కొన్ని టీవీ చానెళ్లలో కనిపించడానికే వీల్లేకపోయింది. ఒకసారి ముఖానికి మాస్కు తగిలించుకుని స్టేజీ ఎక్కాడు. గ్రూపులో ఉండి కూడా ముఖం చూపించుకోలేకపోయాడన్నమాట. చివరికి 2009 డిసెంబరులో ఏజెన్సీ మీద కోర్టుకెళ్లాడు.

ఇంకొకటి, ఇది మీ పాప వయసు పిల్లదే. ట్వైస్ గ్రూపులో జూయూ తైవాన్ అమ్మాయి. 2015లో ఒక కొరియన్ షోలో తైవాన్ జెండా పట్టుకుంది. ఆ షోలో కొరియా, జపాన్ జెండాలు కూడా ఉన్నాయి. తైవాన్ తమదేననే చైనాలో గొడవ లేచింది, కాంట్రాక్టులు పోయే పరిస్థితి వచ్చింది. 2016 జనవరిలో తైవాన్ అధ్యక్ష ఎన్నికలకి ఒక రోజు ముందు ఒక వీడియో వదిలారు. నల్ల దుస్తుల్లో, చేతిలో కాగితం పట్టుకుని, వంగి నమస్కరించి, చైనా ఒకటేనని ఆ కాగితంలో రాసింది చదివింది. పదహారేళ్లు! ఆ వీడియో ఒకసారి మీ అక్కబావలిద్దరూ కలిసి చూడండి. తప్పెవరిదన్న చర్చ పక్కన పెట్టండి. అంత ఒత్తిడి వచ్చిన రోజున ఆ గదిలో ఆ పిల్ల తరఫున మాట్లాడే పెద్దవాళ్లు ఎవరు అన్నదే నా బాధ.

మెల్బోర్న్ తెలుగమ్మాయి:
ఒక విషయం విడదీసి మాట్లాడుకోవాలి. ‘కొరియా బయట పెరిగినవాళ్లు’ అంటే రెండు రకాలు. ఇక్కడ మా ఊళ్లో పెరిగిన బ్లాక్‌పింక్ రోజే న్యూజిలాండ్‌లో పుట్టింది. 2012లో సిడ్నీ ఆడిషన్‌లో మొదటి స్థానం తెచ్చుకుని సియోల్ వెళ్లింది. స్ట్రే కిడ్స్ గ్రూపులో బ్యాంగ్ చాన్, ఫెలిక్స్ సిడ్నీలో పెరిగారు. కానీ వీళ్లంతా కొరియన్ కుటుంబాల పిల్లలు. ఇంట్లో ఆ తిండి, ఆ పండగలు ఉంటాయి, సియోల్‌లో చుట్టాలుంటారు. విదేశాల్లోని కొరియన్ సంతతికి ఎఫ్-4 అనే వేరే వీసా ఉంది.

లీసా, శ్రియ, మీ పాప రెండో రకం. వీళ్లకి డెబ్యూ అయ్యాక సాధారణంగా కళాకారులకిచ్చే ఈ-6 వీసానే దిక్కు. అది కంపెనీతో ఉన్న కాంట్రాక్టు మీద నడుస్తుంది. కంపెనీతో చెడితే పనితో పాటు ఆ దేశంలో ఉండే హక్కు కూడా ప్రమాదంలో పడుతుంది. న్యూజీన్స్ గ్రూపులో హన్నీ కూడా మెల్బోర్న్ పిల్లే, వియత్నాం కుటుంబం. 2024 అక్టోబరులో కొరియా పార్లమెంటు కమిటీ ముందు కూర్చుని, కంపెనీలో తనని పట్టించుకోకుండా అవమానించారని కన్నీళ్లతో చెప్పింది. నవంబరులో అక్కడి కార్మిక శాఖ ఏమందో తెలుసా? ఐడల్, అంటే ఇలాంటి గ్రూపుల్లోని కళాకారులు, చట్టం ప్రకారం ఉద్యోగి కాదు, కాబట్టి పనిచోట వేధింపుల నిబంధన ఆమెకి వర్తించదని. అంత పేరున్న గ్రూపులో ఉన్న అమ్మాయికే అది సమాధానం.

పెనుకొండ దుబాసి:
నేను పెనుకొండ దగ్గర కార్ల ఫ్యాక్టరీకి విడిభాగాలు చేసే యూనిట్‌లో కొరియన్ ఇంజనీర్లకి దుబాసీగా ఉన్నాను. పాటల గురించి నాకు పెద్దగా తెలీదు, భాష గురించి చెప్తాను.

మన తెలుగువాళ్లకి కొరియన్ వాక్యం త్వరగా పట్టుబడుతుంది. క్రియ మనకి లాగే చివరికొస్తుంది, విభక్తులు మాట వెనకే అతుక్కుంటాయి. అసలు కష్టం పెద్దాచిన్నా మర్యాదలో. ఎదుటి మనిషి ఒక్క ఏడాది పెద్దయినా క్రియ చివర మారిపోతుంది. మాకు మీటింగులో ఒక కుర్రాడు అంతా సరిగ్గానే చెప్పాడు, కానీ చివర స్నేహితుడితో మాట్లాడినట్టు ముగించాడు. గది మొత్తం చల్లబడిపోయింది. వాళ్లు తిట్టలేదు, ఆ రోజు మళ్లీ అతన్ని ఏమీ అడగలేదు, అంతే.

మెల్బోర్న్ గారు చెప్పిన ఫెలిక్స్ సంగతి మా అమ్మాయి ద్వారా నాకు తెలుసు. కొరియన్ సంతతే అయినా 2017లో వాళ్ల సర్వైవల్ షోలో, అంటే గ్రూపులో ఎవరుండాలో తేల్చే టీవీ పోటీలో, భాష చాలలేదని అతన్ని తీసేశారు. తర్వాత వెనక్కి తెచ్చారనుకోండి. ఆ ఇంటి పిల్లాడికే అలా ఉంటే మన పిల్ల ఇక్కడి నుంచే కొంత నేర్చుకుని వెళ్లడం తప్పనిసరి. హైదరాబాద్‌లో ఇఫ్లూ యూనివర్సిటీలో కొరియన్ చెప్తారు. వీడియో పంపినా పంపకపోయినా భాష మొదలుపెట్టించండి. పాట కుదరకపోయినా నాలాగా అన్నం పెడుతుంది.

హల్యూ హైదరాబాద్:
దుబాసి గారూ, మీరు చెప్పిందే నా వాదనకి బలం. మన సినిమాల్లోకి బయటి నుంచి హీరోయిన్‌ని తెచ్చినప్పుడు ఆమెకి తెలుగు రాకపోయినా నడిచిపోతుంది. డబ్బింగ్ ఎవరో చెప్తారు. ఆమెను మనం ఎప్పటికీ బయటి మనిషిగానే చూస్తాం. సియోల్‌లో అలా కుదరదు. అక్కడ తన గొంతుతోనే పాడాలి, తన నోటితోనే ఇంటర్వ్యూ ఇవ్వాలి. కఠినమే, కాదనను. కానీ ఆ కఠినంలో ఒక గౌరవం ఉంది.

ఇక మార్కెట్ కోసం తీసుకుంటారన్న మాట. అవును, తీసుకుంటారు! జపాన్ అమ్మాయిలు లేకపోతే ట్వైస్ జపాన్‌లో అంత త్వరగా నిలదొక్కుకునేదా? అయితే ఏమిటి? ఆ ముగ్గురిలో మోమోని సర్వైవల్ షోలో ఒకసారి తీసేశారు, తర్వాత డాన్స్ చూసి మళ్లీ గ్రూపులో పెట్టారు. తీసుకున్న కారణం వ్యాపారం కావచ్చు. నిలబెట్టేది మాత్రం పనితనమే.

కాగితం చదివాకే సంతకం:
పనితనం నిలబెడుతుందా? నిలబెట్టిన చోట్లే మనకి కనిపిస్తాయి హల్యూ గారూ. డెబ్యూ కాకుండా ఇంటికొచ్చిన ట్రైనీల పేర్లు నాకూ తెలీవు, మీకూ తెలీవు. పదహారు నుంచి ఇరవై ఏళ్ల దాకా అక్కడే గడిపి, ఇంటర్ సర్టిఫికెట్ కూడా లేకుండా తిరిగొచ్చిన పిల్లకి మనం ఏం చెప్తాం?

కాగితం విషయానికొద్దాం. 2009లో టీవీఎక్స్‌క్యూ అనే గ్రూపు సభ్యులు ముగ్గురు పదమూడేళ్ల కాంట్రాక్టు మీద కోర్టుకెళ్లారు. ఆ ఏడాదే కొరియా ఫెయిర్ ట్రేడ్ కమిషన్ ఏడేళ్ల నమూనా కాంట్రాక్టు తెచ్చింది. అది కళాకారులకి. ట్రైనీల సంగతి వేరు. 2017లో అదే కమిషన్ ఎనిమిది ఏజెన్సీల ట్రైనీ కాంట్రాక్టులు తీసి చూస్తే, మధ్యలో మానేస్తే కంపెనీ పెట్టిన ఖర్చుకి రెండు మూడు రెట్లు కట్టాలన్న షరతులు బయటపడ్డాయి. వాటిని మార్పించారు. పెద్ద కంపెనీలవే అలా ఉంటే చిన్నవాటి సంగతి మీరే ఊహించుకోండి. డెబ్యూ అయ్యాక కూడా చాలాచోట్ల గ్రూపు మీద పెట్టిన ఖర్చు తిరిగి రాబట్టుకున్నాకే పిల్లల చేతికి డబ్బొస్తుంది. పాట హిట్టయిందని మనం ఇక్కడ సంబరపడుతుంటే అక్కడ వాళ్ల ఖాతాలో సున్నా ఉండొచ్చు.

డాన్స్ మాస్టర్, బెజవాడ:
నేను కూచిపూడి నేర్చుకుని, ఇప్పుడు వెస్టర్న్ కూడా చెప్తున్నాను. నా దగ్గరికి వచ్చే కవర్ డాన్స్ పిల్లల్లో తొంభై శాతం ఒకే చోట ఆగిపోతారు. వీడియోని అద్దంలో చూసినట్టు కుడిఎడమలు తిరగేసి నేర్చుకుంటారు. ఆ పాట వరకు అచ్చు దించేస్తారు. తెలియని పాట పెట్టి ఎనిమిది లెక్కలకి ఒక కొత్త స్టెప్ ఇస్తే చేతులు వస్తాయి, నడుం రాదు. ఆడిషన్లో చూసేది నేర్చుకున్న పాట ఒక్కటే కాదు, ఈ పిల్ల ఎంత త్వరగా పట్టుకుంటుంది అన్నది.

కూచిపూడి పునాది మంచిదే. తాళం, ఓపిక, ముఖంలో భావం వస్తాయి. కానీ అరమండిలో బరువు కిందికి దింపి నిలబడే అలవాటున్న ఒంటికి, అక్కడి పాటల్లో మునివేళ్ల మీద తేలికగా లేచే కదలిక కొత్త. నేర్చుకోవచ్చు, టైం పడుతుంది.

అంతకన్నా పెద్ద సంగతి పాట. మనవాళ్లు డాన్స్ వీడియో పంపుతారు, పాట ఎత్తమంటే నేల చూస్తారు. పిన్నిగారూ, పాపకి ఒక పరీక్ష పెట్టండి. మూడు నిమిషాల పాట పూర్తిగా డాన్స్ చేస్తూ, ట్రాక్‌లో గొంతు లేకుండా, తనే పాడమనండి. ఫోన్లో రికార్డు చేసి తననే వినమనండి. రెండో చరణంలో ఊపిరి ఎక్కడ తెగిందో దానికే తెలుస్తుంది. అది విన్నాక కూడా మళ్లీ చేస్తానంటే ఆ పిల్లని ఆపకండి.

వాల్తేరు పిన్ని:
మాస్టారూ, నిన్న సాయంత్రం చేయించాం. మొదటి చరణం బావుంది, తర్వాత మాటలు మింగేసింది. విని ఏడ్చింది. రాత్రి పదింటికి మేడ మీద మళ్లీ మొదలుపెట్టింది. బావగారు కింద కుర్చీలో కూర్చుని వింటూ ఏమీ అనలేదు.

ఇంకో సంగతి. ఈలోగా ఒక ఏజెంట్ ఫోన్ చేశాడు. నలభై వేలు కడితే సియోల్ ఆడిషన్‌కి స్లాట్ ఇప్పిస్తానన్నాడు. ఇలాంటివి ఉంటాయా?

కాగితం చదివాకే సంతకం:
రూపాయి కట్టొద్దు! పేరున్న ఏజెన్సీలు ఆడిషన్‌కి డబ్బు తీసుకోవు. వాళ్ల సొంత సైట్లోనే దరఖాస్తు ఉంటుంది. మధ్యవర్తి అక్కర్లేదు. ఆ నంబరు మీద సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫిర్యాదు చేయండి.

మెల్బోర్న్ తెలుగమ్మాయి:
సియోల్ ఒక్కటే దారి కాదని కూడా పాపకి చెప్పండి. కొరియా కంపెనీ హైబ్, అమెరికా కంపెనీ గెఫెన్ కలిసి చేసిన క్యాట్సై గ్రూపు 2024 జూన్‌లో లాస్ ఏంజిలిస్ నుంచి వచ్చింది. లక్షా ఇరవై వేల దరఖాస్తుల్లో మిగిలింది ఆరుగురు. అందులో లారా రాజ్ అమెరికాలో పెరిగిన తమిళ కుటుంబం పిల్ల. అయితే ఊరు మారితే అన్నీ మారతాయనుకోకండి. అదే ఏడాది డిసెంబరులో జేవైపీ అమెరికా గ్రూపు వీచా నుంచి కేజీ బయటికొచ్చి, పని ఒత్తిడి, దుర్వినియోగం ఆరోపణలతో కేసు వేసింది. కంపెనీ అవి అబద్ధాలు, అతిశయోక్తులు అంది.

హల్యూ హైదరాబాద్:
శ్రియ గ్రూపులో ఇప్పుడు కొరియన్ సభ్యులు లేరు కాబట్టి అది కె-పాపే కాదని కొందరంటున్నారు. నాకు ఆ మాట బాధగా ఉంటుంది. ఆ భాషలో పాడి, ఆ శిక్షణలో పెరిగి, అక్కడి స్టేజీల మీద చెమటోడ్చినవాళ్లని ముఖం చూసి ఎలా కాదంటారు?

కాగితం చదివాకే సంతకం:
ఇందులో మీతోనే ఉన్నాను. కానీ అక్కడి జనంలో చాలామంది అలా అనుకోవడం లేదు. ఆ పిల్లలు మోయాల్సింది ఆ బరువునే. పిన్నిగారి పాప కూడా అది తెలుసుకునే వెళ్లాలి.

వాల్తేరు పిన్ని:
అందరికీ థాంక్సండీ. ఇంట్లో ఇవన్నీ చదివి వినిపించాను. వీడియో వచ్చే వేసవిలో పంపేలా, ఇంటర్ మాత్రం పూర్తి చేసేలా మాట తీసుకున్నాం. కొరియన్ క్లాసు ఈ నెలే మొదలు. కాంట్రాక్టు దాకా వస్తే పాపకి పద్దెనిమిది నిండకుండా సంతకం లేదన్నది బావగారి షరతు. అక్కకి ఆ ఒక్కటే నచ్చలేదు, అక్కడ పద్దెనిమిదంటే ఆలస్యమట. మాస్టారూ, దుబాసి గారూ, దీని మీద మీ ఇద్దరూ ఏమంటారు?

డాన్స్ మాస్టర్, బెజవాడ:
ఆలస్యమే, అక్కగారు అన్నది నిజం. చాలామంది పద్నాలుగు, పదిహేనుకే చేరిపోతారు. అయినా నేను బావగారి పక్షమే. శ్రియ వెళ్లింది పద్దెనిమిదేళ్లకే.