బ్రాంచీల మార్జిన్ శాతాలకు సగటు: వెయిట్ వేయాలా, వద్దా?

టేబుల్‌మేస్త్రి: నెలవారీ రిపోర్టులో "మొత్తం" వరుస దగ్గర తేలని గొడవ ఇది. 'ఏ', 'బీ' అని రెండు బ్రాంచీలు అనుకోండి. 'ఏ' బ్రాంచి అమ్మకాలు 900, మార్జిన్ (అమ్మకాల్లో లాభం శాతం) 10%. బీ అమ్మకాలు 100, మార్జిన్ 40%. యావరేజ్ ఫార్ములా కొడితే 25%, అమ్మకాల వెయిట్ వేస్తే, అంటే ఎక్కువ అమ్మిన బ్రాంచి శాతానికి ఎక్కువ బరువిస్తే, 13%. ఏది పెట్టాలి?

కూడికతీసివేత: 13. చర్చే అక్కర్లేదు. శాతాలు పక్కన పెట్టి లాభం చూడండి: 90, 40 కలిపితే 130. అమ్మకాలు 1000. 25% అని రాస్తే లాభం 250 ఉండాలి. మిగతా 120 ఏదీ అంటే ఏం చూపిస్తారు?

మధ్యగతం: చర్చ అక్కర్లేకపోవడమేంటండీ? వెయిట్ వేస్తే 'ఏ' బ్రాంచి బీని మింగేస్తుంది. బీ మార్జిన్ 40 నుంచి 20కి పడినా మొత్తం 13 నుంచి 11కే దిగుతుంది. బ్రాంచీలు ఎలా నడుస్తున్నాయన్నది ప్రశ్న అయితే సాదా సగటే నయం.

కూడికతీసివేత: బీ పడిపోయిన సంగతి బీ వరుసలోనే కనబడుతుంది కదా. సాదా సగటు కావాలంటే "బ్రాంచీల సగటు" అని వేరే వరుస పెట్టుకోండి. "మొత్తం" పేరు కింద మాత్రం వద్దు.

పివట్‌పంతులు: దేనితో వెయిట్ వేయాలో ఇద్దరూ చెప్పట్లేదు. శాతానికి హారం ఏదో అదే వెయిట్. మార్జిన్‌కి అమ్మకాలు, మార్కప్‌కి (కొన్న ఖర్చు మీద లాభం శాతం) కొన్న ఖర్చు, సగటు ధరకి యూనిట్లు. ఉద్యోగుల సంఖ్యతో వేసినా ఏదో అంకె వస్తుంది, కాకపోతే దానికి అర్థం ఉండదు.

ఎక్సెల్‌లో అమ్మకాలు, శాతాల సమ్‌ప్రొడక్ట్‌ని (వరుసవారీగా గుణించి కూడే ఫార్ములా) అమ్మకాల సమ్‌తో భాగిస్తారు. బోల్తా పడేది ఇక్కడే. సీ బ్రాంచి అమ్మకాలు 300 వచ్చాయి, మార్జిన్ గడి ఇంకా ఖాళీ అనుకోండి. సమ్‌ప్రొడక్ట్ ఆ ఖాళీని సున్నాగా తీసుకుంటుంది, హారంలో మాత్రం 300 కలుస్తుంది. 130ని 1300తో భాగిస్తే 10%. ఎర్రర్ రాదు కాబట్టి ఎవరి కంటా పడదు. హారాన్ని సమ్‌ఇఫ్‌తో (షరతుకి సరిపోయిన వరుసల్నే కూడే ఫార్ములా), మార్జిన్ నిండిన వరుసలకే కట్టండి. శాతం టెక్స్ట్‌గా పడినా ఇదే తంతు, పైగా గడి నిండే ఉంటుంది కాబట్టి సమ్‌ఇఫ్ కూడా పట్టుకోదు. ముందే అంకెగా మార్చుకోవాలి. ఇంకోటి: ఫిల్టర్‌తో దాచిన వరుసల్ని కూడా సమ్‌ప్రొడక్ట్ కలిపేసుకుంటుంది.

మధ్యగతం: సరే, పేరు విషయం ఒప్పుకుంటా. కానీ నెలకి నెలకి పోలిస్తే మీ పద్ధతీ దారి తప్పిస్తుంది. పోయిన నెల ఏ 500 మీద 10%, బీ 500 మీద 40%: మొత్తం 25%. ఈ నెల ఏ 900 మీద 11%, బీ 100 మీద 42%: మొత్తం 14.1%. రెండు బ్రాంచీలూ మెరుగుపడ్డాయి, మొత్తం మాత్రం కూలింది!

పివట్‌పంతులు: సింప్సన్ పారడాక్స్ అంటారు దాన్ని. సూత్రం తప్పు కాదు, వెయిట్లు కదిలాయి. పోయిన నెల వెయిట్లు, అంటే సగం సగం, అలాగే ఉంచి ఈ నెల శాతాలు వేయండి: 26.5%. మార్జిన్ల వల్ల 1.5 పాయింట్లు పెరిగింది, అమ్మకాలు 'ఏ' బ్రాంచి వైపు మళ్లినందుకు 12.4 తగ్గింది. 14.1 పక్కనే ఈ రెండు అంకెలూ వేస్తే ఎవరూ బ్రాంచి మేనేజర్ల మీద పడరు.

టేబుల్‌మేస్త్రి: రిటర్నులు ఎక్కువై ఒక బ్రాంచి అమ్మకాలు మైనస్‌లో ఉంటేనో?

కూడికతీసివేత: అప్పుడు శాతమే వద్దు. ఏ 100 మీద 10%, బీ మైనస్ 50 మీద 40% అయితే లాభం మైనస్ 10, అమ్మకాలు 50, మొత్తం మైనస్ 20%. రెండు బ్రాంచీల శాతాల మధ్యా పడని అంకె అది. ఆ నెలకి లాభం మొత్తాన్నే రాసి, శాతం గడి ఖాళీగా వదిలేయండి.