యెహెజ్కేలు 36 నెరవేరింది 1948లోనా, కోరెషు కాలంలోనా?

ఒలీవకొమ్మ:
అందరికీ వందనాలు. మొన్న ఆదివారం మా సంఘంలో బైబిల్లోని యెహెజ్కేలు ప్రవక్త గ్రంథం 36వ అధ్యాయం మీద ప్రసంగం జరిగింది. పాడైన దేశం ఏదెను తోటలా మారుతుందన్న ప్రవచనం 1948లో ఇశ్రాయేలు దేశం ఏర్పడటంతో నెరవేరిందన్నారు. నాకూ అదే నమ్మకం. 1964లో గలిలయ సముద్రం నీళ్లను దక్షిణానికి మళ్లించారు, నెగెవ్ ఎడారిలో డ్రిప్‌తో పంటలు తీస్తున్నారు. ఇంకేం రుజువు కావాలి?

పాతబాట:
ముందు ఆ మాట ఎవరికి చెప్పాడో చూడాలి బ్రదర్. యెహెజ్కేలు క్రీ.పూ. 597లో యెహోయాకీను రాజుతోపాటు బబులోను చెరకు వెళ్లినవాడు. 586లో యెరూషలేము కాలిపోయింది, పొరుగు జాతి ఎదోము వాళ్లు వచ్చి ఇశ్రాయేలు కొండలు మావే అన్నారు. ప్రవక్త ఆ కొండలతోనే మాట్లాడుతున్నాడు: మళ్లీ చిగురిస్తారు, నా జనం త్వరలోనే వస్తారు అని. రెండున్నర వేల ఏళ్ల తర్వాత జరిగేదాన్ని త్వరలో అంటామా? క్రీ.పూ. 538లో పారసీక రాజు కోరెషు యూదులను తిరిగి పంపించాడు, 516కల్లా దేవాలయం లేచింది.

ఒలీవకొమ్మ:
మరి హగ్గయి మొదటి అధ్యాయం సంగతేంటి? చెర నుంచి తిరిగొచ్చిన వాళ్లు విత్తింది ఎక్కువ, కోసింది తక్కువ. కూలి డబ్బు చిల్లుల సంచిలో వేసినట్టే. నెహెమ్యా 9లోనైతే మా సొంత దేశంలోనే దాసులమయ్యామని ఏడ్చారు. ఏదెను అంటే ఇదా?

పాతబాట:
538తో అంతా అయిపోయిందని ఎవరన్నారు? మొదలైంది అంటున్నా. 33వ వచనం చదవండి. మీ దోషాల నుంచి మిమ్మల్ని శుద్ధి చేసే రోజునే పట్టణాలు నిండుతాయి, పాడైనవి కడతారు అని ఉంది. శుద్ధి సంగతి వదిలేసి పంట లెక్కలు చూపిస్తే ఎలా?

ఒలీవకొమ్మ:
వరుస మీరే తిప్పుతున్నారు. 24లో అన్ని దేశాల నుంచి సమకూర్చడం, 25లో శుద్ధజలం చల్లడం, 26లో రాతిగుండె తీసేయడం. ముందు రావడం, తర్వాతే మారడం. ఇప్పుడు అవిశ్వాసంతో వచ్చినా అది ప్రవచనం ప్రకారమే.

సండేస్కూల్_అక్క:
తమ్ముడూ, ఆ వరుస ఒప్పుకుంటే నీ రుజువే పోతుంది. సమకూర్చడం, శుద్ధి, ఆ తర్వాత కదా ధాన్యం, పండ్లు? శుద్ధి ఇంకా జరగలేదంటూనే నెగెవ్ టమాటాలు చూపిస్తావేం? అవి నీళ్ల ఇంజనీర్ల కష్టం. గొప్పదే, కానీ ఇంజనీర్లకు తప్పులూ ఉంటాయి. 1950లలో హూలా లోయ చిత్తడిని ఎండగట్టారు. తీరా ఆ నేల కుంగి, నిప్పులు రేగితే 1990లలో కొంత భాగానికి మళ్లీ నీళ్లు వదిలారు. ఇది ఏ వచనం నెరవేర్పు?

పైగా మన ప్రసంగాల్లో ఆ దేశం అంతకుముందు ఉత్త ఎడారి అంటారు. 19వ శతాబ్దంలోనే యాఫా నారింజలు ఓడలెక్కి యూరప్ వెళ్లేవి, నాబ్లుస్ సబ్బు ఊరూరా అమ్ముడయ్యేది. ఆ తోటల్లో, ఆ ఊళ్లల్లో ఉన్నవాళ్లు మనుషులే కదా.

అదే యెహెజ్కేలు 47:22 కూడా చదువు. మీ మధ్య ఉండి పిల్లల్ని కన్న పరదేశులను స్వదేశుల్లాగే ఎంచి, వాళ్లకూ చీట్లు వేసి భూమి పంచమంటాడు. 36వ అధ్యాయం ఈ కాలానిదే అంటున్నావు. 47ని కూడా ఈ కాలానికే లెక్కేస్తావా లేదా, అది చెప్పు.