సమస్యాపూరణం: ‘ఉప్పు వేయకున్న నూరె రుచులు’

నిర్వాహకుడు, సీతమ్మధార

సభ్యులందరికీ నమస్కారం. ఈ వారం సమస్య, అంటే మిగిలిన మూడు పాదాలూ మీరు రాసి అర్థం కుదర్చవలసిన పాదం, ఆటవెలది పద్యంలో నాలుగోది.

*ఉప్పు వేయకున్న నూరె రుచులు*

బేసి పాదాల్లో మూడు సూర్యగణాలు, రెండు ఇంద్రగణాలు (గణమంటే గురులఘువుల కూర్పు). సరి పాదాల్లో ఐదు సూర్యగణాలు. నాలుగో గణం మొదటి అక్షరం యతిస్థానం, అంటే పాదం మొదటి అక్షరంతో దానికి పొంతన కుదరాలి. ఇచ్చిన పాదంలో ‘వేయకున్నన్ + ఊరె’ అని విడదీస్తే ‘ఉ’కు ‘ఊ’తో స్వరయతి (అచ్చుల పొంతన) కుదురుతుంది. మూడో పాదానికీ నాలుగో పాదానికీ మధ్య విసంధిని (సంధి చేయకుండా విడిగా ఉంచడాన్ని) అనుమతిస్తున్నాను. ఒక్క విన్నపం. పూరణ వంటింట్లో నిజంగా జరిగేదై ఉండాలి. ఆ పద్యం చదివి ఎవరైనా వండితే కూర చెడిపోకూడదు.

సభ్యుడు, కంచరపాలెం

*ఎండు చేపలోన నెంతయో యుప్పుండె*
*వంగముక్కతోడ వండు వేళ*
*అమ్మ చింతపులుసు నందులో కలిపిన*
*ఉప్పు వేయకున్న నూరె రుచులు*

మా ఇంట్లో ఆదివారం వండే కూర ఇదే. చేపముక్కలను వేడినీళ్లలో రెండుసార్లు కడిగినా కూరకు సరిపడా ఉప్పు వాటిలో ఇంకా మిగిలే ఉంటుంది. వంకాయ ఆ ఉప్పును పీల్చుకుంటుంది, చింతపులుసు దాని ఘాటును సర్దుతుంది.

సభ్యురాలు, పెదజాలారిపేట

పద్యం బాగుందండీ. అయితే ఎండుచేపలన్నిటికీ ఉప్పు పట్టించరు. నెత్తళ్లవంటి చిన్న చేపలను సాధారణంగా ఉప్పు లేకుండానే ఇసుక మీద పరిచి ఎండబెడతారు. సొర, కానాగంతల వంటివాటిని చీల్చి, లోపల ఉప్పు పట్టించి, ఆ తరువాతే ఎండకు వేస్తారు. మీ పద్యాన్ని నమ్మి ఎవరైనా నెత్తళ్ల కూరలో ఉప్పు మానేస్తే ఆ పూట చప్పిడి కూరే తినాలి. మొదటి పాదాన్ని ‘ఎండు సొరను జూడ నెంతయో యుప్పుండె’ అని మార్చి చూడండి. గణమూ యతీ చెడవు, మాట కూడా నిజమవుతుంది.

సభ్యుడు, కంచరపాలెం

మార్చుకున్నానమ్మా. మీ ఊళ్లో పుట్టినవారికే తెలిసే తేడా ఇది.

సభ్యురాలు, ఎం.వి.పి. కాలనీ

*అత్త యెండబెట్టి యంపిన మాగాయ*
*గడ్డ పెరుగులోన గలుపగానె*
*పోపు పెట్టినంత పుట్టెను పచ్చడి*
*ఉప్పు వేయకున్న నూరె రుచులు*

నిర్వాహకుడు

‘పో – పు’ యతి, ‘అ – యం’ యతి రెండూ చక్కగా పడ్డాయి. ఈ పద్యంలో నాకు నచ్చినది ‘గడ్డ పెరుగు’ అన్న మాట. పలచని పెరుగైతే మాగాయలోని ఉప్పు చాలక మళ్లీ ఉప్పుడబ్బా వెతుక్కోవలసి వస్తుంది. గడ్డ పెరుగు అని చెప్పడంతో సమస్య అక్కడే విడిపోయింది. ఇంకొక మాట కూడా చెప్పాలి. ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ వేసి మూడు రోజులు ఊరనిచ్చి, ముక్కలను పిండి, వాటిని ఒక పక్కనా ఊటను ఒక పక్కనా ఎండబెట్టడం విశాఖ వేసవిలో తేలికైన పని కాదు. సముద్రపు గాలిలోని తేమకు ముక్క ఒక పట్టాన గలగలలాడదు, మధ్యాహ్నం మబ్బు పట్టిందంటే చాపతో సహా లోపలికి పరుగెత్తాలి. కోడలు ఉప్పు వేయలేదంటే ఆ ఉప్పు అత్తగారు వేసవిలోనే వేశారన్నమాట. ఆమె శ్రమను ‘యెండబెట్టి యంపిన’ అని మొదటి పాదంలోనే చెప్పినందుకు అభినందనలు.

సభ్యుడు, అక్కయ్యపాలెం

*తాత రక్తపోటు తగ్గంగ వలెనని*
*నిమ్మరసము పిండి నేర్పుతోడ*
*కొత్తిమీర చల్లి కోడలు వడ్డింప*
*ఉప్పు వేయకున్న నూరె రుచులు*

నిర్వాహకుడు

నడక హాయిగా ఉంది. పెద్దవాళ్లు రోజు మొత్తం మీద తినే ఉప్పు 5 గ్రాముల లోపు, అంటే ఒక చెంచాకు మించకుండా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్నది కనుక ఈ పూరణ నేటి ఇళ్లకు అవసరమైనదే. నిమ్మరసం దించాక పిండాలి, పొయ్యి మీద ఉండగా పిండితే చేదెక్కుతుంది. పిండడం, చల్లడం, వడ్డించడం అన్న వరుసలో ఆ క్రమం సరిగానే వచ్చింది.

సభ్యురాలు, గోపాలపట్నం

*పాలు మరుగుచుండ బెల్లము వేయగా*
*నెయ్యితోడ గలిసి నిండె తావి*
*పాప నాకి తినెను పరమాన్న మంతయు*
*ఉప్పు వేయకున్న నూరె రుచులు*

నేను రాసిన మొదటి ఆటవెలది ఇది. తప్పులుంటే దయచేసి చెప్పండి.

నిర్వాహకుడు

అమ్మా, మొదటి పద్యానికే గణాలన్నీ కుదిరాయి, అది చిన్న విషయం కాదు. మూడో పాదం మరీ ముచ్చటగా ఉంది. అయితే మొదటి పాదంలో యతి తప్పింది. ‘పా’కు ‘బె’తో హల్లు మైత్రి ఉన్నా అచ్చు మైత్రి లేదు, ఆకారానికి ఎకారం చెల్లదు. ప్రాసయతిగా (రెండో అక్షరాల పొంతనతో) సరిపెట్టుకుందామన్నా ‘లు’కు ‘ల్ల’ కుదరదు.

అదే పాదంలో వంట కూడా తప్పింది. పాలు తెర్లుతుండగా బెల్లం వేస్తే దానిలోని పులుపు గుణం ఆ వేడికి తోడై పాలు విరిగిపోతాయి. అనకాపల్లి నుంచి తెచ్చిన మేలైన బెల్లమైనా సరే, అన్నం పాలలో మెత్తగా ఉడికాక గిన్నె దించి, కాస్త వేడి తగ్గనిచ్చి, అప్పుడే కలపాలి. ఛందస్సు తప్పినచోటనే పాకమూ తప్పడం చూసి, ఒక్క సవరణతో రెండూ సరిచేయవచ్చనిపించింది.

*పాలు దించినాక బాగుగా బెల్లము*

‘పా – బా’ యతి చెల్లుతుంది, పాలూ విరగవు. ‘బెల్లము నెయ్యితోడ గలిసి’ అని రెండో పాదంలోకి అన్వయం కూడా సాఫీగా సాగుతుంది.

ఒక కొరత మాత్రం మిగిలింది. పరమాన్నంలో ఉప్పు వేయకపోవడం వింత కాదు కాబట్టి సమస్యలోని ముడి బిగుసుకోకముందే ఊడిపోతుంది. ఉప్పు ఉండవలసిన వంటకంలో అది లేకపోయినా రుచి ఎలా వచ్చిందో చెప్పినప్పుడే పూరణకు బలం.

సభ్యురాలు, గోపాలపట్నం

కృతజ్ఞతలండీ. పోయిన సంక్రాంతికి నా పరమాన్నం ఎందుకు విరిగిందో ఇవాళ తెలిసింది.

సభ్యురాలు, మధురవాడ

*నిన్న వండినట్టి నిలవ పులుసు నీవు*
*పొద్దు పొడవగానె పొయ్యిమీద*
*కాచు కోడలమ్మ! గట్టిగా జెప్పితి*
*ఉప్పు వేయకు, న్న నూరె రుచులు*

నాలుగో పాదాన్ని ‘ఉప్పు వేయకు, ఉన్నన్ ఊరె రుచులు’ అని విడదీశాను. ఉప్పు వేయవద్దు, పులుసు రాత్రంతా అలా ఉన్నందువల్ల రుచులు ఊరాయి అని అత్తగారు కోడలితో చెబుతున్న మాటలివి.

సభ్యుడు, గాజువాక

విరుపు బాగుంది కాని ‘ఉన్నన్’ అన్న క్రియకు కర్త ఎక్కడుందండీ? పులుసు మొదటి పాదంలో ‘కాచు’ అన్న క్రియకు కర్మగా వచ్చింది. మూడు పాదాలు దాటి దాన్నే కర్తగా తెచ్చుకోవడం దూరాన్వయం కాదా? పైగా విరుపుతో తప్పించుకునే పూరణలకంటే ఉన్న అర్థాన్ని ఒప్పించే పూరణలే గొప్పవని నా అభిప్రాయం.

సభ్యురాలు, మధురవాడ

అయ్యా, మీరన్న దూరాన్వయాన్ని కాదనను. కాని ఆ విరుపు తప్పించుకోవడానికి వేసినది కాదు, మా ఇంట్లో నేను విన్న మాటే అలా ఉంది.

కాపురానికి వచ్చిన మొదటి ఏడాది, ముందు రోజు రాచ్చిప్పలో కాచిన ముక్కల పులుసును పొద్దున్నే తెర్లబెట్టి, నిన్నటి పులుసు కదా చప్పబడి ఉంటుందని రుచి చూడకుండానే మరో అరచెంచా ఉప్పు వేశాను. మామగారు మొదటి ముద్ద నోట పెట్టుకుని, గ్లాసెడు మంచినీళ్లు తాగి, ఏమీ అనకుండా మిగిలినదంతా ముద్దపప్పులో కలుపుకుని తిన్నారు. ఆయన లేచాక అత్తగారు నన్ను పొయ్యి దగ్గరకు పిలిచి, రాచ్చిప్ప లోపలి అంచున నిన్నటి పులుసు ఎండి ఎర్రగా కట్టిన చారను వేలితో చూపించారు. ఆ వేళకు పులుసు ఆ చారకు రెండు వేళ్ల కిందికి దిగింది. “మరిగితే నీళ్లు పోతాయమ్మా, ఉప్పు పోదు. నిలవ పులుసుకి ఉప్పు వెయ్యకు, ఉన్న కొద్దీ అదే రుచి తేరుతుంది” అన్నారు. నా నాలుగో పాదం ఆమెదే. నేను పైమూడు పాదాలే రాశాను.

నిర్వాహకుడు

గాజువాక సోదరుల ఆక్షేపణలో న్యాయముంది, మామూలుగా నేనూ విరుపు పూరణలకు రెండో స్థానమే ఇస్తాను. ఈ పద్యానికి మాత్రం నా నియమాన్ని సడలిస్తున్నాను. రెండు వేళ్లు దిగిన పులుసులో ఉప్పు నిన్నటంతే ఉంది, నీరు తగ్గింది, అందువల్ల ప్రతి గుక్కలోనూ ఉప్పు పాలు పెరిగింది. పొయ్యి మీంచి దించాక కూడా ముల్లంగీ ఆనపకాయా బెండకాయా రాత్రంతా చింతపండు పులుపునూ ఇంగువ పోపునూ పీల్చుకుంటూనే ఉన్నాయి. కనుక విడదీయకుండా ‘ఉప్పు వేయకున్న నూరె రుచులు’ అని యథాతథంగా చదివినా పద్యం నిలుస్తుంది. విడదీసి చదివితే అత్తగారి గొంతు వినిపిస్తుంది. రెండు విధాలా నిలిచిన పూరణ ఈ వారం ఇదొక్కటే. దూరాన్వయ దోషాన్ని గుర్తిస్తూనే దీనికి మొదటి స్థానం, మాగాయ పద్యానికి రెండో స్థానం ఇస్తున్నాను.

వ్రాతలో ఒక సవరణ. పద్యంలో ‘వేయకు, న్న’ అని కామా పెట్టనక్కరలేదు. పాదాన్ని ఇచ్చినది ఇచ్చినట్టే రాసి, విరుపును కింద వివరణలో చూపితే చాలు.

వచ్చే వారానికి తేటగీతి పాదం ఇస్తున్నాను. పూరణలు శనివారం రాత్రిలోగా పంపండి.

*పాలు పొంగిన నెవ్వరు బాధ పడరు*

గృహప్రవేశం పూరణ అందరికీ ముందుగా తడుతుంది కాబట్టి దాన్ని విడిచి, రోజూ పొద్దున్న కాఫీ వేళ పాలగిన్నె దగ్గర నిలబడేవారి వైపు నుంచి ఆలోచించమని కోరుతున్నాను.